ఉద్యోగం మానేయాలంటే ఎంత ఉండాలి? ముందు దేనికోసమో తేలాలి

ప్రశ్న: నా వయసు 39. నా జీతం 100 అనుకుంటే ఇంటి ఖర్చు 65, అందులో హోమ్ లోన్ ఈఎంఐ 15. ఇంకా తొమ్మిదేళ్లు కట్టాలి. నెలకు 35 మిగులుతోంది. ఇప్పటిదాకా కూడబెట్టింది మా ఐదేళ్ల ఖర్చుకు సరిపోతుంది. ఈ ఉద్యోగం ఇక నా వల్ల కావడం లేదు. వడ్రంగం నేర్చుకోవాలని ఉంది. ఒక్కోసారి పిల్లలకు లెక్కలు చెప్పాలనిపిస్తుంది. ఒక్కోసారి ఏమీ చేయకుండా ఉండాలనిపిస్తుంది. మానేయాలంటే ఎంత ఉండాలి? నా భార్యతో ఇంకా మాట్లాడలేదు.

జవాబు: మీరు రాసిన మూడు కోరికల్లో ‘ఏమీ చేయకుండా ఉండటం’ ఒక్కటే లెక్కకు తేలిగ్గా లొంగుతుంది. ముందు అదే చూద్దాం. విలియం బెంగెన్ అనే అమెరికన్ ఆర్థిక ప్లానర్ 1994లో తమ దేశపు షేర్లు, ప్రభుత్వ బాండ్ల పాత రాబడులు ముందేసుకుని లెక్క కట్టాడు. మొదటి ఏడాది నిధిలో 4 శాతం తీసుకుని, ఆ తర్వాత ఏటా ఆ మొత్తాన్ని ధరల పెరుగుదల మేరకు పెంచుకుంటూ పోయినా 30 ఏళ్లపాటు డబ్బు అయిపోలేదని తేల్చాడు. ఏడాది ఖర్చుకు 25 రెట్లు ఉండాలనే మాటకు ఆధారం అదే. లోన్ తీరాక మీ ఖర్చు నెలకు 50, ఏడాదికి 600. దానికి 25 రెట్లంటే 15,000. మీ దగ్గరున్నది 3,900 (65 చొప్పున 60 నెలలకు). ధరల పెరుగుదల పోను 3 శాతం రాబడి మిగులుతుందనుకుని, ఇప్పటిలాగే 35 దాస్తూ, తొమ్మిదేళ్ల తర్వాత ఈఎంఐ సొమ్ము కూడా పొదుపులోకి మళ్లిస్తే అక్కడికి చేరడానికి సుమారు 15 ఏళ్లు పడుతుంది. అప్పటికి మీకు 54. పైగా బెంగెన్ చూసింది 30 ఏళ్ల కాలాన్నే. 54లో మానేసేవాళ్లకు అంతకన్నా ఎక్కువ కాలం డబ్బు అవసరం కావచ్చు కనుక 25 రెట్లు కూడా బొటాబొటీయే.

ఈ అంకె చూసి నీరసపడకండి. మూడు కోరికల్లో ఏది నిజమైనదో తేలకుండా, అన్నిటికన్నా ఖరీదైనదానికి కట్టిన లెక్క ఇది.

‘ఏమీ చేయకుండా’ అనే మాట చాలాసార్లు అలసట నుంచి వస్తుంది. అందుకని ముందు రెండు మూడు వారాల సెలవు ఒకేసారి పెట్టండి. ఫోన్‌లో ఆఫీసు మెయిల్ తీసేయండి. తిరిగి వెళ్లాక మొదటి వారంలో మీకు భారంగా అనిపించేది ఏమిటో రాసుకోండి. పని గంటలా, పై అధికారా, ప్రయాణమా, లేక పనేనా? మొదటి మూడింటిలో ఏదైనా అయితే మందు చవక. టీమ్ మారడం, కంపెనీ మారడం, వారానికి నాలుగు రోజుల పని అడగడం. నాలుగు రోజులకు జీతం 80 అయినా మీ 65 గడిచి 15 మిగులుతుంది. ఈ దారి ఎవరికీ గొప్పగా కనిపించదు కాబట్టే ఎక్కువమంది దీన్ని అడిగి కూడా చూడరు.

పని మీదే విసుగైతే, జార్జ్ కిండర్ అనే ప్లానర్ తన క్లయింట్లను అడిగే మూడు ప్రశ్నలు తీసుకోండి. ఇప్పటికీ ఇకముందుకీ సరిపడా డబ్బుంటే ఎలా బతుకుతారు? ఇంకో ఐదు నుంచి పదేళ్లే ఉంటారని, అప్పటిదాకా ఆరోగ్యంగానే ఉంటారని డాక్టర్ చెబితే ఏం మారుస్తారు? ఒక్క రోజే మిగిలిందంటే, ఏం చేయకుండా మిగిలిపోయానని బాధపడతారు? వరుస మార్చకండి. మొదటిదానికి పెద్ద ఇల్లు, ప్రయాణాలు, కారు లాంటివి వస్తాయి. అవి తప్పు కావు, కాకపోతే వాటిలో సగం నలుగురూ మెచ్చుకునేవి. మూడోదానికి వచ్చే జవాబులు చిన్నవిగా ఉంటాయి. డబ్బుతో పెద్దగా పనిలేనివి కూడా వాటిలో ఉంటాయి. మొదటి జాబితాలోనూ మూడోదానిలోనూ ఉన్నవాటి కింద గీత గీయండి. మీ భార్య కూడా విడిగా రాయాలి. ఒకరిది ఒకరు చూడకుండా రాసి, అప్పుడు మార్చుకోండి. కలిసి కూర్చుని రాస్తే ఇద్దరిలో గట్టిగా మాట్లాడేవారి జాబితాయే తయారవుతుంది. ఆమెతో మాట మొదలుపెట్టడానికి రాజీనామా నిర్ణయం కన్నా ఈ కాగితం ఎంతో మేలు.

మనసు చెప్పేదాన్ని బ్యాంక్ స్టేట్‌మెంట్‌తో సరిచూడాలి. 12 నెలలది తీయండి. మూడు నెలలది చాలదు, ఏడాదికోసారి కట్టే ప్రీమియంలు, ఫీజులు అందులో కనిపించవు. క్రెడిట్ కార్డు బిల్లు ఒకే అంకెగా ఉంటుంది కాబట్టి కార్డు స్టేట్‌మెంట్ కూడా పక్కన పెట్టుకోండి. తప్పనిసరి ఖర్చులు వదిలేసి, మిగతా ప్రతి ఖర్చు పక్కనా ఒక గుర్తు: మళ్లీ పెట్టాలనిపిస్తే ప్లస్, పెట్టకపోయినా ఏమీ కాదనిపిస్తే మైనస్, చెప్పలేకపోతే సున్నా. ఇక్కడ జరిగే పొరపాటు ఒకటుంది. జిమ్ ఫీజుకు ప్లస్ పెడతారు, వెళ్లింది ఎన్నిసార్లో చూడరు. ఆ ఖర్చు పేరుకు కాదు, దాన్ని మీరు వాడుకున్న తీరుకు మార్కు వేయండి. మైనస్‌లు కలిపితే మీకు నెలకు 7 తేలిందనుకుందాం. అప్పుడు ఖర్చు 58.

ఇప్పుడు వడ్రంగం, లెక్కల పాఠాలు. ఇవి కూర్చుని ఆలోచిస్తే తేలవు, చేసి చూడాలి. ఒక్కోదానికి 12 వారాలు, వారానికి 6 గంటలు, ఒకదాని తర్వాత ఒకటి. రెండింటికీ కలిపి ఖర్చు ఒక నెల మిగులు, అంటే 35 దాటకూడదు. పనిముట్లు కొనొద్దు, అద్దెకు తీసుకోండి, లేదా ఎవరిదైనా వర్క్‌షాప్‌లో గంటల లెక్కన పని చేయండి. కొత్త పనిముట్లు కొన్న వారం పని మొదలైనట్టే ఉంటుంది, నిజానికి మొదలయ్యేది కొనడం ఒక్కటే. ముఖ్యంగా ఆ పనిలోని విసుగు భాగాన్ని తప్పించుకోకండి. వడ్రంగంలో కొలతలు తీయడం, గరుకు కాగితంతో గంటల తరబడి రుద్దడం, పాలిష్ ఆరేదాకా ఆగడం, చివరికి డబ్బు అడిగి రాబట్టుకోవడం ఉంటాయి. పాఠాల్లో ఒకే తప్పును ఇరవై నోటుబుక్కుల్లో దిద్దడం ఉంటుంది. చివరి నాలుగు వారాల్లో మీకు పరిచయం లేని మనిషికి, డబ్బు తీసుకుని, ఒక్క బల్లయినా చేసివ్వండి. స్నేహితుల మెచ్చుకోలు లెక్కలోకి రాదు.

ప్రతిసారీ ఆ మర్నాడు రెండు ముక్కలు రాయండి. మళ్లీ వెళ్లాలనిపించిందా? ఎవరికీ చెప్పుకునే వీలు లేకపోయినా ఈ పని చేస్తానా? ఎనిమిదో వారం తర్వాత కూడా రెండింటికీ ‘అవును’ అనే వస్తుంటే అప్పుడు డబ్బు లెక్కకు రండి. రెండు పనులకూ రాకపోతే ఉద్యోగంలో ఉండగానే అది తెలిసినందుకు సంతోషించాల్సిందే.

వడ్రంగమే తేలిందనుకుందాం. కొత్త పని మొదటి ఏడాది నెలకు 20, రెండో ఏడాది 35, మూడో ఏడాది 50 తెస్తే, 58 ఖర్చుకు నెలనెలా తగ్గేది 38, 23, 8. మూడేళ్లకు కలిపి 828. మీ ఇప్పటి ఏడాది ఖర్చు (780) కన్నా కాస్త ఎక్కువ. మిగిలిన 3,072ను కదిలించకపోతే అదే 3 శాతం లెక్కన మూడేళ్లకు సుమారు 3,360 అవుతుంది. నాలుగో ఏడు నుంచి మీకు నెలకు 64 వస్తే చాలు: 58 ఖర్చుకు, 6 పొదుపుకు. లోన్ తీరాక ఈఎంఐ 15 కూడా పొదుపులో కలిస్తే 65వ ఏట మీ నిధి 12,900 దరిదాపుల్లో ఉంటుంది. ఈఎంఐ లేని 43 ఖర్చుకు అది 25 రెట్లు.

అంటే మీరు వెతకాల్సింది 15,000 కాదు, నెలకు 64 తెచ్చే పని. అయితే ఈ లెక్క 3 శాతం మీద నిలబడి ఉంది. 1 శాతమే మిగిలితే 65 నాటికి కావలసిన దాంట్లో 70 శాతం దగ్గరే ఆగిపోతారు, ఇంకొన్నేళ్లు పని చేయాల్సి వస్తుంది. ఇష్టమైన పని అయితే అది శిక్ష కాదనుకోండి, అయినా ఒంట్లో శక్తి కూడా ఉండాలి కదా.

ఆ 828ను షేర్లలో ఉంచకండి. మార్కెట్ పడిన ఏడాదే నెల ఖర్చుకు అమ్మాల్సి వస్తే ఆ నష్టం పూడదు. డిపాజిట్లలో పెట్టి నెలకోసారి జీతంలా ఖాతాలోకి తెచ్చుకోండి. దానికి తోడు ఆరు నెలల ఖర్చు, అంటే 348, అత్యవసరాలకు విడిగా ఉండాలి. దాన్ని 3,072లోంచే పక్కన పెట్టండి.

ఎప్పుడు ఆపాలో కూడా ముందే రాసి ఇద్దరూ సంతకం పెట్టండి. ఉదాహరణకు, 18వ నెల ముగిసేసరికి అంతకు ముందు ఆరు నెలల సగటు 25 దాటకపోతే మళ్లీ ఉద్యోగం వెతకాలి. ఇప్పుడు రాయకపోతే అప్పుడు ‘ఇంకో ఆరు నెలలు చూద్దాం’ అంటారు. పెట్టినదంతా పోతుందనే బాధ మీచేత అలా అనిపిస్తుంది. మొదటి ఏడాది నెలకు 20, తర్వాతి ఆరు నెలలు 25 వస్తే అప్పటికి మీ చేతిలోంచి పోయేది 654. అసలేమీ రాకపోయినా 1,044 దాటదు. ఎంత నష్టమో ముందే తెలిసిన ప్రయోగం ఇది.

రాజీనామా లేఖకు ముందు మూడు పనులు. కంపెనీ ఇచ్చే ఆరోగ్య బీమా ఉద్యోగంతోనే పోతుంది కాబట్టి సొంత పాలసీ తీసుకుని, అందులో వెయిటింగ్ పీరియడ్ (కొన్ని జబ్బులకు క్లెయిమ్ ఇవ్వని మొదటి కాలం) ఉంటే అది కొంతైనా గడవనివ్వండి. కనీసం లోన్ బాకీకి సరిపడా టర్మ్ పాలసీ (మీరు పోతే ఇంట్లోవాళ్లకు డబ్బిచ్చే జీవిత బీమా) లేకపోతే అదీ ఇప్పుడే, జీతం స్లిప్ చూపించగలిగినప్పుడే తీసుకోండి. లోన్‌ను తక్కువ వడ్డీకి మార్చుకునే ఆలోచన ఉంటే ఆ దరఖాస్తు కూడా జీతం పడుతున్న నెలల్లోనే పెట్టండి. ఆదాయం నిలకడగా లేనివాళ్ల ఫైలును బ్యాంకులు మరింత గుచ్చి గుచ్చి చూస్తాయి.