రిమ్ము సంగతి చివర్లో చూద్దాం

“వరంగల్‌లో ఉంటాను. నా రోడ్ సైకిల్ చక్రాలు మూడు నెలలకోసారి బెండు పోతున్నాయి. 12,000 రూపాయల్లో కొత్తవి కట్టించుకోవాలి. ఏ రిమ్ము తీసుకోమంటారు?” అని మీరు అడిగారు.

అందరూ రిమ్ముతోనే మొదలుపెడతారు. దూరం నుంచి కనిపించేది అదే కదా. నేను హన్మకొండలో ఉంటాను. ములుగు రోడ్డు, నర్సంపేట రోడ్డు, కరీంనగర్ రోడ్డు మీద ఏళ్ల తరబడి తొక్కుతున్నాను. నా లెక్కలో ముందు చూడవలసింది చక్రం కట్టే మనిషిని. ఆ తరువాత హబ్బు (చక్రం నడిమి ఇరుసు భాగం), దాని తరువాత పుల్లలు (స్పోకులు), అన్నిటికన్నా చివర రిమ్ము. షోరూంలో అడిగితే ఈ వరుసను సరిగ్గా తలకిందులు చేసి చెబుతారు. చక్రం కట్టే మనిషి వాళ్ల దగ్గర ఉండడు, రిమ్ములు మాత్రం గోడ నిండా వేలాడుతుంటాయి.

ఒక ఫిబ్రవరి ఆదివారం జరిగింది చెబుతాను. మా ఆఫీసులో పనిచేసే మిత్రుడు ఒకడు ఉన్నాడు, మంచి ఒడ్డూ పొడుగూ ఉన్న మనిషి. 50 మిల్లీమీటర్ల ఎత్తు రిమ్ములున్న చక్రాల జత ఎవరి దగ్గరో పాతవి కొన్నాడు. ముందు చక్రానికి 20 పుల్లలు, వెనక దానికి 24. హబ్బు దగ్గర వంపు లేకుండా నిటారుగా దూరే రకం పుల్లలవి. పుల్లల కొనలను రిమ్ముకు బిగించే నిపిళ్లు కూడా రిమ్ము లోపలే దాగి ఉంటాయి. చూడటానికి బాగానే ఉన్నాయి, కాదనను. ఇద్దరం రామప్ప దాకా వెళ్లాం. 2021లో యునెస్కో గుర్తింపు వచ్చినప్పటి నుంచి ఆదివారం పూట ఆ దారిలో కార్ల మధ్య సందు దొరకడమే కష్టం. తిరిగి వస్తుంటే, ములుగు ఇంకా రాకముందే, తెల్లగీత లేని ఒక స్పీడు బ్రేకరు మీద అతని వెనక చక్రం టంగుమంది.

దిగి చూస్తే కుడివైపు పుల్ల ఒకటి తెగి వేలాడుతోంది. ఆ ఒక్క పుల్లకే రిమ్ము ఎంత పక్కకు జరిగిందంటే, బ్రేకు పూర్తిగా వదులు చేసినా టైరు ఫ్రేముకు రాసుకుంటోంది. 36 పుల్లల చక్రంలో ఒకటి పోతే కాస్త ఊగుతూనైనా ఇల్లు చేరవచ్చు. 24 పుల్లల్లో కుడివైపు ఉన్నవే 12, అందులో ఒకటి పోతే మిగిలినవి మోయలేవు.

కొంత దూరం నడిస్తే ట్రాక్టర్లకు పంక్చర్లు వేసే దుకాణం కనిపించింది. అక్కడి పెద్దాయన సైకిలును తలకిందులుగా నిలబెట్టి, చక్రం ఒకసారి తిప్పి, బొటనవేలితో పుల్లలను మీటుకుంటూ పోయాడు. “దీనికి వంపు లేదేమిటి సార్? నిపిల్ ఎక్కడుంది?” అన్నాడు. రిమ్ము లోపల ఉందని, టైరూ ట్యూబూ పట్టీ అన్నీ విప్పితే గానీ అందదని చెప్పాం. ఆయన బిస్కెట్ల డబ్బా ఒకటి తెచ్చి నేల మీద బోర్లించాడు. నల్ల సైకిళ్ల పుల్లలు గుట్టగా పడ్డాయి, అన్నీ వంపు ఉన్నవే. వాటిలో వేలు పెట్టి కాసేపు కెలికి, నా సైకిలు వైపు చూపించి, “ఈ చక్రమైతే ఏదో ఒకటి వంచి వేసి పంపేవాణ్ణి. ఆ సార్ చక్రం నా చేతిలో లేదు” అన్నాడు. డబ్బులు ఇవ్వబోతే తీసుకోలేదు.

సోమవారం అమ్మకానికి ఎనుమాముల మార్కెట్‌కు మిర్చి బస్తాలు తీసుకెళ్తున్న ట్రాలీ ఆటో దొరికింది. బస్తాల మీద సైకిలు, సైకిలు పక్కన మా వాడు, తల మీద హెల్మెట్టు. నేను కొంతసేపు ఆటో వెనకే తొక్కాను గానీ మిర్చి ఘాటుకు కళ్లు మండి ఆగిపోయాను. అతని తుమ్ములు మాత్రం మలుపు తిరిగే వరకూ వినిపించాయి.

మర్నాడు ఆ తెగిన ముక్కను నేనెప్పుడూ చక్రాలు కట్టించుకునే వరంగల్ మేస్త్రీకి చూపించాం. ఆయన దాన్ని ట్యూబులైటు కింద పెట్టి, తెగిన చోట సగం నల్లగానూ సగం తళతళలాడుతూనూ ఉండటం చూపించాడు. నల్లని సగం ఎప్పుడో పడిన పగులు, మెరిసే సగం నిన్న తెగినది. అంటే స్పీడు బ్రేకరు చేసింది ఆఖరి దెబ్బ మాత్రమే. ఆ పుల్ల అంతకు ముందు చాలా కాలంగా వదులుగా తిరుగుతూ లోలోపల అరిగిపోతూ వచ్చింది.

మీ చక్రాలు మాటిమాటికీ బెండు పోవడానికీ ఇదే కారణమై ఉంటుంది, బల్లగుద్ది చెబుతాను. 700సీ చక్రం (రోడ్ సైకిళ్ల మామూలు సైజు) ఒకసారి తిరిగితే సుమారు 2.1 మీటర్లు, అంటే కిలోమీటరుకు 475 సార్లు. తిరిగిన ప్రతిసారీ ఒక్కో పుల్ల నేల వైపుకు రాగానే కాస్త వదులవుతుంది, దాటగానే మళ్లీ బిగుస్తుంది. హన్మకొండ నుంచి రామప్పకు వెళ్లి వచ్చేసరికి ఇది 60,000 సార్లకు పైమాటే. బిగువు తగినంత ఉంటే పుల్లకు ఏమీ కాదు. తక్కువైతే వంపు దగ్గర ఇటూ అటూ మెదిలి, తీగను పదే పదే వంచితే విరిగినట్టు విరుగుతుంది. పైగా వెనక చక్రంలో గేర్ల క్యాసెట్‌కు (పళ్ల చక్రాల గుత్తికి) చోటివ్వడం కోసం రిమ్మును కుడివైపుకు లాగి కడతారు. కుడివైపు పుల్లకు 100 నుంచి 120 కిలోల బిగువు ఉంటే ఎడమవైపు దానికి ఇంచుమించు సగమే ఉంటుంది. కంపెనీలో యంత్రం మీద కట్టి పంపే చౌక చక్రాల్లో ఆ కుడివైపు బిగువే సరిపోదు, ఎడమవైపు సంగతి ఇక చెప్పనక్కరలేదు.

అందుకే కట్టే మనిషిని ముందు చూసుకోమంటున్నాను. పరీక్ష పెట్టడం తేలిక. చక్రం కట్టాక రెండేసి పుల్లలను కలిపి గట్టిగా పిడికిట్లో పిసుకుతాడా లేదా చూడండి. అలా పిసికితే వంపులు హబ్బు అంచుకు అతుక్కుంటాయి, మెలి తిరిగిన పుల్లలు సర్దుకుంటాయి, ఆ తరువాత మళ్లీ బెండు తీస్తారు. ఈ పని చేయకుండా చక్రం గిర్రున తిప్పి “అయిపోయింది సార్” అనేవాడి దగ్గరికి మళ్లీ వెళ్లకండి. మంచి మేస్త్రీ అడిగే కూలి ఎక్కువనిపిస్తే, చక్రం బెండు పోయిన ప్రతిసారీ మీరు ఇచ్చుకుంటున్నది కూడి చూసుకోండి.

పుల్లల విషయంలో ఒక భ్రమ ఉంది. “మీరు బరువుంటారు, లావు పుల్లలు వేయించుకోండి” అని దుకాణాల్లో ఊదరగొడతారు. లావు పుల్ల సాగదు. గుంతలో పడగానే బిగువంతా ఒక్కసారి కోల్పోతుంది. 2 మిల్లీమీటర్ల స్టెయిన్‌లెస్ స్టీలు పుల్ల చాలు. డబ్బు మిగిలితే కొనలు 2, నడుమ 1.8 మిల్లీమీటర్లు ఉండే సన్ననడుము పుల్లలు తీసుకోండి. డీటీ స్విస్ కాంపిటీషన్, సాపిమ్ రేస్ అలాంటివే. అన్నీ కొనలేకపోతే ఎడమవైపుకు సన్ననడుమువి, కుడివైపుకు మామూలువి వేయించండి. నిపిళ్లు ఇత్తడివే ఉండాలి. అల్యూమినియంవి కొద్ది గ్రాములు తగ్గించి, రెండు వానాకాలాల తరువాత పట్టేసుకుని గుండ్రంగా అరిగిపోతాయి. వంపు లేని పుల్లల జోలికి వెళ్లవద్దు. ఎందుకో మిర్చి బస్తాల మీద వచ్చినవాణ్ణి అడగండి.

హబ్బు కొనేటప్పుడు టేపు దగ్గర పెట్టుకోండి. వెనక ఫోర్కు మధ్య దూరం రిమ్ము బ్రేకుల రోడ్ సైకిళ్లలో సాధారణంగా 130 మిల్లీమీటర్లు, డిస్కు బ్రేకులవాటిలో 135 గానీ, లావు ఇరుసు ఉంటే 142 గానీ. ఇది కొలవకుండా ఆర్డరు పెట్టి, తిప్పి పంపలేక అటకెక్కించిన హబ్బులు ఊళ్లో చాలా ఉన్నాయి. మీ సైకిలు చౌక రకమైతే వెనక పళ్ల చక్రాలన్నీ ఒకే ముద్దగా హబ్బుకు మర బిగించే ఫ్రీవీలు ఉండవచ్చు. దాన్ని వదిలించుకుని క్యాసెట్ రకం హబ్బుకు మారండి. ఫ్రీవీలు రకంలో కుడి బేరింగు బాగా లోపలికి ఉంటుంది, బయటికి పొడుచుకొచ్చిన ఇరుసు వంగుతుంది, విరుగుతుంది. ఇప్పుడు 8 గేర్లే ఉన్నా 11 గేర్లకు సరిపోయే హబ్బు కొనండి. మధ్యలో 1.85 మిల్లీమీటర్ల వాషరు వేస్తే పాత క్యాసెట్టూ కూర్చుంటుంది.

షిమానో టియాగ్రా స్థాయి హబ్బు చాలు. అందులో సీల్డ్ బేరింగు (మూసి ఉండే, విప్పకుండా మొత్తంగా మార్చే రకం) ఉండదని ముఖం చిట్లించేవాళ్లున్నారు. వెనక హబ్బులో పక్కకు తొమ్మిది చొప్పున పావు అంగుళం గోళీలుంటాయి, ఏ సైకిలు దుకాణంలోనైనా దొరుకుతాయి. వానాకాలం వెళ్లగానే విప్పి, కిరోసిన్‌తో కడిగి, కొత్త గ్రీజు పెట్టించండి. సీల్డ్ బేరింగే కావాలంటే దాని మీద చెక్కిన నంబరు చూసి తీసుకోండి. 6001 లాంటి మామూలు నంబరైతే మోటార్లు బాగుచేసే దుకాణాల దగ్గర కూడా దొరుకుతుంది.

రిమ్ముకు ఇప్పుడు వద్దాం. 32 రంధ్రాలు, బరువున్నవాళ్లకు వెనక 36. రెండు గోడల అల్యూమినియం, లోపలి వెడల్పు 17 నుంచి 19 మిల్లీమీటర్లు, దాని మీద 28 మిల్లీమీటర్ల వెడల్పు టైరు. నల్ల సైకిలు రిమ్ముల్లో తక్కువకు దొరుకుతుందని వెతకకండి. రోడ్ సైకిలు టైరు కూర్చునే కొలత 622 మిల్లీమీటర్లు, మన 28 అంగుళాల నల్ల సైకిలుది 635. టైరు పక్కన అచ్చువేసి ఉంటుంది, చదువుకోండి. రిమ్ము వంద గ్రాములు బరువెక్కువని బాధపడేవాళ్లు సీసాలో ముప్పావు లీటరు నీళ్లు మోసుకుంటూనే తిరుగుతారు.

మన రోడ్ల మీద రిమ్ములను చంపేది బరువు కాదు. కోతల కాలంలో సగం రోడ్డు వడ్లు ఆరబోయడానికి పోతుంది, కుప్పల చుట్టూ పెట్టిన రాళ్లు చీకట్లో కనిపించవు. రైతును ఏమనగలం, కల్లాలు లేకపోతే ఎక్కడ ఆరబోస్తాడు? కరీంనగర్ వైపు గ్రానైటు లారీలు తిరిగే చోట తారు అలలు అలలుగా లేచి ఉంటుంది. స్పీడు బ్రేకర్లకు రంగు వేయడానికి ఎంత ఖర్చవుతుందో నాకు అర్థం కాదు. వీటన్నిటికీ మందు లావు టైరులో ఉంది. సన్నని 23 టైరును రాయిలా గాలి కొట్టి తిరిగేవాళ్లు చక్రాలు నిలవడం లేదని ఫిర్యాదు చేయకూడదు.

మీ 12,000తో రెండు చక్రాలూ కట్టించకండి. బరువులో ఎక్కువ భాగం మోసేదీ, పుల్లలు తెగేదీ వెనకదే. డబ్బంతా దాని మీద పెట్టండి. ముందుదాన్ని మేస్త్రీ చేత బిగువు చేయించి, బెండు తీయించి అలాగే ఉంచుకోండి. పుల్లలు కొనేటప్పుడు కుడివైపు కొలతవీ ఎడమవైపు కొలతవీ రెండేసి అదనంగా తీసుకోండి. రెండు పొడవులూ ఒకటి కావు, కొద్ది మిల్లీమీటర్ల తేడా ఉంటుంది. వాటిని సీటు కింద గొట్టానికి టేపుతో అంటించి పెట్టుకోండి. కొలతలు మాత్రం హబ్బూ రిమ్మూ చేతికి వచ్చాకే మేస్త్రీ చేత లెక్క కట్టించండి, ముందే కొని తెచ్చుకోకండి.