మలావి పల్లెలో మిషన్ ఇల్లు: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఆఫ్రికాలో మిషన్ పనికి వెళ్లిన, వెళ్లబోతున్న మనవాళ్ల ఇళ్ల నుంచి ఈ నెల ఉత్తరాలు బాగా వచ్చాయి. దేశం మారితే సంగతులు మారతాయి కాబట్టి మలావి గురించి అడిగినవే తీసుకున్నాం.

మా అమ్మాయి సిస్టరు. అక్కడి మిషన్ ఆసుపత్రికి నర్సుగా వెళ్తోంది. లోదుస్తులు కూడా ఇస్త్రీ చేశాకే వేసుకోవాలని ముందు వెళ్లినవాళ్లు చెప్పారట. నిజమా, వేళాకోళమా?
– ఆర్.ఎం., గుంటూరు

నిజమేనమ్మా. అక్కడ పుట్సీ ఈగ అని ఒకటుంది. నీడలో ఆరేసిన తడిబట్టల మీదా, నేల మీద పరిచిన గుడ్డల మీదా గుడ్లు పెడుతుంది. ఆ బట్ట తొడుక్కుంటే ఒంటి వేడికి పిల్ల బయటికొచ్చి చర్మంలోకి దూరుతుంది. మొదట దోమ కుట్టినట్టే ఉంటుంది. నాలుగైదు రోజులు పోయేసరికి సెగ్గడ్డలా లేస్తుంది. కానీ మామూలు సెగ్గడ్డకు లేనిది దీనికొకటి ఉంటుంది: నడిమధ్యన సూదిమొనంత రంధ్రం. తేరిపార చూస్తే అందులో ఏదో మెదులుతుంది. దాన్ని పిండితే పురుగు లోపలే చితికి చీము పడుతుంది. వాజెలిన్ మందంగా పట్టిస్తే గాలాడక పురుగు పైకొస్తుంది, అప్పుడు పట్టకారుతో తీయాలి.

ఇస్త్రీ ఎక్కడ తప్పుతుందంటే, పైపైన లాగేసి వదిలేసేవాళ్ల దగ్గర. నడుం పట్టీ, కుట్టు మడతలు, తువ్వాలు అంచులు, పసిపిల్లల గుడ్డలు రెండువైపులా వేడి తగలాలి. కరెంటు లేని చోట బొగ్గుల ఇస్త్రీపెట్టే గతి. ఇస్త్రీకి ఆగని బట్టలు జాలీ కొట్టిన గదిలో ఆరేసుకోవచ్చు. లేదంటే ఉతికిన రెండు వారాలు దాటాక తొడుక్కోవచ్చు, అప్పటికి పిల్ల పురుగు బతకదు.

దోమతెర మందు పట్టించినదే కొనండి. తెరను ఎండలో ఆరేస్తే మందు చచ్చిపోతుంది, నీడలోనే ఆరాలి. గాఢమైన సబ్బు వద్దు. ఇరవై ఉతుకుల వరకు మందు నిలిచేలా చేస్తారు కాబట్టి అయినదానికీ కానిదానికీ ఉతకొద్దని చెప్పండి.

మా అబ్బాయి ఉండే ఊళ్లో చేతిపంపు పొద్దున్నే ఇరవైసార్లు కొడితేగానీ నీళ్లు రావు. తర్వాత బాగానే వస్తాయట. బోరు ఎండిపోతోందా?
– కె.వి., ఏలూరు

ఎండిపోయే బోరు పొద్దున బాగా ఇచ్చి, మధ్యాహ్నం జనం తోడే కొద్దీ తగ్గుతుంది. మీరు రాసింది దానికి తలకిందులు. రాత్రంతా పైపులో నిలవాల్సిన నీళ్లు కిందికి జారిపోతున్నాయి. అంటే పైపు అడుగున నీళ్లు జారిపోకుండా ఆపే ఫుట్ వాల్వు కారుతోంది, లేదా పైపు అతుకు ఎక్కడో విడింది.

మలావి పల్లెల్లో ఎక్కువగా కనిపించేది ఆఫ్రిడెవ్ పంపు. సుమారు 45 మీటర్ల లోతు దాకా పనిచేస్తుంది. మన ఊళ్లలో బోరింగు అని పిలిచే ఇండియా మార్క్ 2కూ దీనికీ పెద్ద తేడా విప్పడంలోనే ఉంది. మనదానికి ఇనుప పైపులు, మరలు, గొలుసు ఉంటాయి కాబట్టి మెకానిక్కు సంచీడు సామాను మోసుకు రావాలి. ఆఫ్రిడెవ్‌ను ఊరివాళ్లే బాగు చేసుకోవాలని రూపొందించారు. ఒకే ఒక్క స్పానరు చాలు.

ముందు పరీక్ష. నీళ్లు ధారగా వచ్చేదాకా కొట్టి, అరగంట ఎవర్నీ ముట్టనివ్వకండి. మళ్లీ కొట్టినప్పుడు ఐదు దెబ్బల్లోపు నీళ్లు వస్తే లోపం లేదు. అంతకంటే ఎక్కువ పడితే కారుతున్నట్టే. రెండోది, నిమిషానికి 40 నిండు దెబ్బల లెక్కన ఒక నిమిషం కొట్టి బకెట్ కొలవండి. మంచి పంపు 15 లీటర్ల పైచిలుకు ఇస్తుంది. పదికి పడిపోతే, కడ్డీల చివర నీళ్లను పైకెత్తే ప్లంజరు మీది రబ్బరు యూ సీలు అరిగింది.

విప్పే వరస ఇది. పైమూత తీయాలి, హ్యాండిలు నట్లు వదులు చేసి హ్యాండిలు ఎత్తెయ్యాలి, లోపలి కడ్డీలు ఒక్కోటీ పైకి లాగాలి. కడ్డీలు కొక్కేల మీద తగులుకుని ఉంటాయి, మర ఉండదు. కింది చివర ప్లంజరు వస్తుంది. ఆ కడ్డీలతోనే మళ్లీ కిందికి దిగి, ఫుట్ వాల్వును కొక్కేనికి తగిలించి పైపులోంచే పైకి లాగొచ్చు. యూ సీలు, వాల్వుల్లో నీటిదారి మూసే రెండు రబ్బరు బాబిన్లు, ఫుట్ వాల్వుకుండే ‘ఓ-రింగు’ అనే రబ్బరు వలయం, ఇవి నాలుగూ ఒకేసారి మార్చెయ్యండి. ఒకటే మార్చి మూసేస్తే రెండు నెలల్లో మళ్లీ విప్పే పని. తీసిన కడ్డీలు మట్టిలో పడెయ్యకుండా దుప్పటి పరిచి పెట్టాలి. ఆ ఓ-రింగు కింద ఒక్క ఇసుక రేణువు ఇరుక్కున్నా కథ మొదటికొస్తుంది.

అన్నీ మార్చినా కారితే పీవీసీ పైపు అతుకు పోయినట్టు. ఆ అతుకులు జిగురుతో శాశ్వతంగా అతికినవి కాబట్టి అక్కడ ఏరియా మెకానిక్కును పిలవాల్సిందే.

ఇంకో మాట. ప్రతి పంపుకూ ఊళ్లో ఒక నీటి కమిటీ ఉంటుంది, ఇంటింటికీ వసూలు చేసి సామాను కొంటుంది. మీ అబ్బాయి జాలిపడి జేబులోంచి కొనేస్తే వచ్చేసారి పంపు పాడైనప్పుడు ఊరంతా మిషన్ గుమ్మం ముందు నిలబడుతుంది, కమిటీ మూలపడుతుంది. చెయ్యి సాయం చెయ్యనివ్వండి, డబ్బు సంగతి కమిటీదే.

న్సిమా, అంటే ఇక్కడి మొక్కజొన్న పిండి ముద్ద, ఎన్నిసార్లు వండినా ఉండలు కడుతోంది. రాగి సంకటి చిటికెలో చేసేదాన్ని, ఇదెందుకు రాదు?
– ప్రస్తుతం జోంబా దగ్గర ఉంటున్న కడప పాఠకురాలు

మరిగే నీళ్లలో పిండి పోస్తున్నారు, అవునా? సంకటిలో ఉడికిన అన్నం ఉంటుంది కాబట్టి పిండి దాని మీద నిలిచి ఆవిరికి మగ్గుతుంది. న్సిమాలో అన్నం లేదు. నలుగురికి ఆరు గ్లాసుల నీళ్లు, మూడు నుంచి మూడున్నర గ్లాసుల మొక్కజొన్న పిండి. నీళ్లు గోరువెచ్చగా ఉన్నప్పుడే ఒక గ్లాసు పిండి వేసి కలుపుతూ మరగనివ్వండి. జావలా అవుతుంది, దాన్ని ఫాలా అంటారు. మూతపెట్టి ఐదు నిమిషాలు కుతకుతలాడనివ్వాలి. చిందితే చెయ్యి బొబ్బలెక్కుతుంది, కాస్త దూరంగా ఉండండి. ఈ ఉడుకు తగ్గితే పచ్చిపిండి వాసన చివరిదాకా పోదు. మిగతా పిండి గుప్పెడు గుప్పెడుగా వేస్తూ మ్తికోతో, అంటే వాళ్ల తెడ్డుతో, గిన్నె గోడకేసి నొక్కుతూ తిప్పాలి. కలపడం కన్నా నొక్కడమే ముఖ్యం. చివర రెండు నిమిషాలు సన్నసెగన మగ్గనిచ్చి, తడి గరిటెతో ముద్దలు తీసి పళ్లెంలో పేర్చండి.

పిండిలోనూ రకాలున్నాయి. పొట్టు తీసి, నానబెట్టి, ఎండబెట్టి ఆడించినది తెల్లగా, నున్నగా ఉంటుంది. పొట్టుతో ఆడించినది మ్గైవా. పోషకం రెండోదాంట్లోనే ఎక్కువ, అతిథికి పెట్టేది మాత్రం మొదటిదే.

పప్పు కోసం ఇంటినుంచి పార్సిళ్లు తెప్పించుకోకండి. మీరున్న దక్షిణ మలావి పొలాల్లో మొక్కజొన్న పక్కన కనిపించే నండోలో మన కందులే. మనదేశం 2021లో ఏటా 50 వేల టన్నులు కొనేలా మలావితో ఒప్పందం కూడా చేసుకుంది. అక్కడ గింజలుగానే ఉడికిస్తారు. రాత్రి నానబోసి, పొద్దున నలిపి పొట్టు తేల్చేస్తే ముద్దపప్పుకు అడ్డేముంది?

మిషన్ ఇంటి మీద 100 వాట్ల సోలార్ ప్యానెల్, 100 ఏహెచ్ (ఆంపియర్ అవర్) బ్యాటరీ పెట్టించాం. రాత్రి తొమ్మిదికే ఆరిపోతోంది.
– జి.పి., హన్మకొండ

మొదట ప్యానెల్ ముఖం ఎటుందో చూడమనండి. మనకు దక్షిణం, వాళ్లకు ఉత్తరం. మలావి భూమధ్యరేఖకు దక్షిణాన ఉంది. 15 డిగ్రీల వాలుతో పొరపాటున దక్షిణానికి పెడితే డిసెంబరులో తెలియదు గానీ, జూన్ మధ్యాహ్నం మూడోవంతు దాకా పోతుంది.

తర్వాత లెక్క. 5 వాట్ల బల్బులు నాలుగు, ఐదు గంటలకు 100 వాట్ అవర్లు. రెండు ఫోన్లకు 20, ల్యాప్‌టాప్ రెండు గంటలకు 100. మొత్తం 220. ప్యానెల్ నుంచి రోజుకు 300 దాకా వస్తుంది, 12 వోల్టుల 100 ఏహెచ్ బ్యాటరీలో 1200 పడుతుంది, దాన్ని సగానికి మించి దించకపోయినా 600 ఉంటుంది. కాబట్టి చాలాలి. చాలడం లేదంటే లెక్కలో లేనిదేదో తాగేస్తోంది. సాధారణంగా అది ఇరుగుపొరుగు ఫోన్లు. పదిహేను ఫోన్లంటే మరో 150. కాదనడం కష్టం కాబట్టి వేళ పెట్టండి: పొద్దున పది నుంచి రెండు దాకా, ఎండ ఉన్నప్పుడు మాత్రమే. సగం కన్నా కిందికి రోజూ దిగిన లెడ్ బ్యాటరీ ఏడాదిలోనే నీరసిస్తుంది.

ఊళ్లో ఎవరో పోతే చర్చి కట్టడం పని మూడు రోజులు ఆపేశారట. మా తమ్ముడు విసుక్కుంటున్నాడు. అతను కూడా వెళ్లాలా?
– ఎస్.డి., విజయనగరం

వెళ్లాలి, అదీ ముందుగా. మలిరో, అంటే చావు, జరిగితే పొలంపని కూడా ఆగుతుంది. ఆడవాళ్లు లోపల శవం దగ్గర నేల మీద, మగవాళ్లు బయట చెట్టు కింద కూర్చుంటారు. మాట్లాడాల్సిందేమీ లేదు, కూర్చుంటే చాలు. పిండి, కట్టెలు, కొంత డబ్బు, ఏదో ఒకటి చేత్తో పట్టుకెళ్లాలి. ఆడవాళ్లు నడుముకు చితెంజె, అంటే లుంగీలాంటి గుడ్డ, చుట్టుకోవాలి. మలిరోకు రానివాడి ఇంట మలిరోకు ఎవరూ రారని అక్కడివాళ్ల లెక్క.

ఎవరింటికెళ్లినా తలుపు కొట్టడం కాదు, ముంగిట నిలబడి ‘ఓడీ’ అనాలి. లోపలినుంచి ‘ఓడీని’ అని వచ్చాకే అడుగుపెట్టాలి. ఏది అందుకున్నా రెండు చేతులతో. మనవాళ్లను అమ్వెన్యే అంటారు, తిట్టు కాదు, భారతీయులు అని.

మలావి సరస్సులో ఈదొచ్చా?
– టి.ఎన్., నెల్లూరు

ఒడ్డున రెల్లు, నాచు ఉన్నచోట వద్దు. అక్కడి నత్తల నుంచి బిల్హార్జియా పురుగు చర్మం గుండా ఎక్కుతుంది. మనదగ్గర ఈ జబ్బు దాదాపు కనిపించదు కాబట్టి ఇంటికొచ్చాక డాక్టరుకు తట్టదు, మీరే చెప్పాలి. సరస్సు నీళ్లు స్నానానికి వాడక తప్పకపోతే నత్తలు లేకుండా తొట్టిలో రెండు రోజులు నిలవబెట్టండి, పురుగు చచ్చిపోతుంది.

ఆ ఒడ్డున అంతకన్నా పాత శత్రువు మలేరియా. స్కాట్లండ్ నుంచి వచ్చిన లివింగ్‌స్టోనియా మిషన్ 1875లో కేప్ మెక్లియర్‌లో మొదలై, సమాధులు పెరిగిపోయి 1881లో బండావేకు, 1894లో ఖొండోవే కొండ మీదికి వెళ్లిపోయింది. ఇప్పుడు మందులున్నాయి: ఆర్టెమెథర్-ల్యూమెఫాంట్రిన్, మూడు రోజుల్లో ఆరు మోతాదులు. రెండోది మొదటిదాని తర్వాత ఎనిమిది గంటలకు, ఆపై పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి. పాలతోనో నూనె పడిన తిండితోనో మింగాలి, పరగడుపున మింగితే ఒంటికి సరిగా పట్టదు. జ్వరం తగ్గిందని రెండో రోజే ఆపేయకూడదు. నెల్లూరు తిరిగొచ్చిన రెండు మూడు నెలల్లో జ్వరమొస్తే ఆఫ్రికా నుంచి వచ్చానని మొదటి మాటగా చెప్పి, ఆ పూటే రక్తపరీక్ష చేయించుకోండి.