గడ్డు ఏడాది గురించి ఊరికి ఎలా చెప్పాలి: మున్సిపల్ చైర్‌పర్సన్ అయిన మా అమ్మాయికి

2025 ఏప్రిల్

చిరంజీవి సౌభాగ్యవతి అమ్మాయికి, పెదనాన్న ఆశీస్సులు.

నువ్వు పంపిన వార్షిక నివేదిక చిత్తు ప్రతి మొత్తం చదివాను. ముందు పేజీల నిండా ఫొటోలే: శంకుస్థాపనలు, మొక్కలు నాటడం, స్వచ్ఛత ర్యాలీ. పోయిన ఆగస్టు, సెప్టెంబరు వరద గురించి చివర్లో ఒక్క పేరా ఉంది, అందులో "ప్రకృతి వైపరీత్యాన్ని మున్సిపాలిటీ సమర్థంగా ఎదుర్కొంది" అని రాశారు. ఆ వాక్యం తీసెయ్యమ్మా. ఇంట్లోకి నడుం లోతు నీళ్లొచ్చి, పిల్లల్ని ఎత్తుకుని రాత్రంతా పక్కింటి మేడ మీద కూర్చున్నవాళ్లు కూడా ఈ పుస్తకం చదువుతారు. మిగతా పేజీల్లో ఎంత నిజం రాసినా, ఆ వాక్యం చూశాక వాళ్లు దేన్నీ నమ్మరు.

ఆఫీసులో ఇలాంటి నివేదికలు ఎలా తయారవుతాయో నాకు తెలుసు. ఒక్కో సెక్షన్ నుంచి ఒక్కో కాగితం వస్తుంది, క్లర్కు వాటిని కలిపి కుడతాడు, పైన చైర్‌పర్సన్ సందేశం పెడతారు. మామూలు ఏడాదికి అది చాలు. 2024-25 మామూలు ఏడాది కాదు. నీ నివేదిక వచ్చే జూన్‌లో వానలు మొదలయ్యేలోపు పనికిరావాలి. ఏ పేజీ అయినా జూన్‌లో ఎవరికీ అక్కరకు రాదనిపిస్తే దాన్ని కుదించు.

మొదట ఆగస్టు 31 రాత్రి నుంచి వారం రోజుల పాటు ఏం జరిగిందో గంటల వారీగా రాయించు. ఆ రోజుల్లో రాష్ట్రమంతా బెజవాడ వైపే చూసింది. బుడమేరు వాగు గట్లు తెగి సింగ్ నగర్ వైపు కాలనీలు మునిగాయి. ప్రకాశం బ్యారేజీకి 11.43 లక్షల క్యూసెక్కుల వరద వచ్చింది, 2009 అక్టోబరులో వచ్చినదానికన్నా ఎక్కువ. అంత పెద్ద కష్టం పక్కన మనలాంటి చిన్న ఊళ్ల కష్టం పేపర్లో జిల్లా పేజీ దాటలేదు. మన వాగు ఏ గంటకి గట్టు దాటింది, కరెంటు ఎప్పుడు తీశారు, ఊరికి నీళ్లు తోడే హెడ్ వర్క్స్‌లో మోటార్లు ఎన్ని గంటలు ఆగాయి, మొదటి ట్యాంకరు ఏ వీధికి ఎప్పుడు వెళ్లింది, ఏ వీధికి అసలు వెళ్లలేదు... ఇవి ఇప్పుడు రాసిపెట్టకపోతే రెండేళ్లలో ఎవరికీ గుర్తుండవు. కమిషనర్లు, ఏఈలు (అసిస్టెంట్ ఇంజినీర్లు) బదిలీ మీద వెళ్లిపోతారు, రికార్డు మాత్రమే ఊళ్లో ఉంటుంది.

ఈ సంగతులు నీకు అధికారుల సమీక్షలో దొరకవు. పారిశుద్ధ్య మేస్త్రీలు, కుళాయి ఫిట్టర్లు, వీధిలైట్ల లైన్‌మన్, పంపు ఆపరేటర్లు, వార్డు సచివాలయాల శానిటేషన్, ఎమినిటీస్ సెక్రటరీలు, వీళ్లని విడిగా పిలిచి కూర్చోబెట్టు. పై అధికారి ఎదురుగా ఉంటే వాళ్లు "అంతా బాగానే చేశాం మేడమ్" అంటారు. ఆయన లేకుండా టీ తాగుతూ అడుగు, ఏ కల్వర్టు దగ్గర నీళ్లు తన్నుకొచ్చాయో చెప్తారు, అక్కడ ఏం అడ్డం పడిందో కూడా చెప్తారు. విన్నది పేర్లు లేకుండా రాసుకో. నిజం చెప్పినందుకు ఎవరికీ టెన్షన్ రాకూడదు.

కాల్వల విషయం మీద కాస్త ఎక్కువ రాస్తాను, ఎందుకంటే చిన్న ఊళ్లలో మునక సగం అక్కడే మొదలవుతుంది. ప్రతి మేలోనూ పూడికతీత అంచనాలు వేస్తారు, జూన్‌లో పని చేస్తారు, బిల్లు పెడతారు. తీసిన పూడిక ఎక్కడ పోశారో మాత్రం ఎవరూ అడగరు. గట్టు మీదే వదిలేస్తే మొదటి గట్టి వానకే అది మళ్లీ కాల్వలోకి జారుతుంది. చేసిన పని కొలతలు రాసే ఎం-బుక్ తెరిచి చూడు, పూడిక ఎత్తి తరలించినట్టు రాసి ఉంటే ఎక్కడికి తరలించారో స్థలం చూపించమను. ఈసారి మే నెలాఖరుకే పూర్తి చేసి, మే చివర్లో నువ్వే ఒకరోజు పొద్దున్నే కాల్వ వెంట మొదటి నుంచి చివరి దాకా నడువు. కారులో వెళ్తే కల్వర్టు కింద ఏముందో కనిపించదు.

ఆక్రమణల సంగతి ఇంతకంటే కష్టం. కాల్వ మీద స్లాబు వేసుకున్న షాపులు, గోడ ముందుకు జరుపుకున్న ఇళ్లు, వీటి యజమానుల్లో మన పార్టీవాళ్లూ ఉంటారు, అవతలి పార్టీవాళ్లూ ఉంటారు, చుట్టాలూ ఉంటారు. అన్నీ ఒక్కసారి పడగొడతానని ప్రకటించకు, అలా ప్రకటించినవాళ్లు చాలామంది మొదటి కోర్టు స్టే దగ్గరే ఆగిపోయారు. టౌన్ ప్లానింగ్ వాళ్లతో పాత సర్వే మ్యాపు తీయించి, నీటి దారికి నిజంగా అడ్డం ఉన్నవి ఏవో గుర్తించు. వాటికి మాత్రం నోటీసులు పద్ధతి ప్రకారం ఇప్పించు. ఆ జాబితాలో మన మనిషి ఉంటే మొదటి నోటీసు ఆయనకే వెళ్లాలి. అది చూశాక ఊళ్లో మాట మారుతుంది, నేను చూశాను.

తాగునీటి గురించి నీ చిత్తు ప్రతిలో "రోజూ సురక్షిత నీరు సరఫరా" అని ఉంది. వరద తర్వాత మూడు వారాలు రెండు వార్డుల్లో విరేచనాలు ఎందుకయ్యాయో దానికి జవాబు లేదు. వార్డు హెల్త్ సెక్రటరీల రిజిస్టర్లు తెప్పించుకుని ఏ వీధుల్లో ఎంతమందికి వచ్చిందో మ్యాపు మీద చుక్కలు పెట్టించు. ఆ చుక్కలు గుంపుగా ఉన్న చోట, మురుగు కాల్వని దాటుకుంటూ వెళ్లే కుళాయి పైపు ఒకటి ఉంటుంది చూడు. సరఫరా ఆగినప్పుడు పైపులో ఒత్తిడి పోతుంది, చిన్న లీకు ఉన్నా బయటి మురుగు లోపలికి వెళ్తుంది. ఊళ్లో ఇలా కాల్వని దాటే పైపులు ఎక్కడెక్కడ ఉన్నాయో మొత్తం జాబితా ఫిట్టర్లే చెప్పగలరు. ఆ జాబితా నివేదికలో వేయి, ఎన్ని మార్చారో, ఎన్ని మిగిలాయో పక్కన రాయి. క్లోరిన్ పరీక్ష ట్యాంకు దగ్గర చేసి సరిపెట్టొద్దు. చివరి కుళాయి దగ్గర లీటరుకి కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలి. క్లోరిన్ చూసే క్లోరోస్కోప్‌లో పసుపు రంగు కనిపించిందా లేదా అనేది ఆ వీధి ఆడవాళ్ల ముందే చూపించమను. వాళ్లు ఒకసారి చూశారంటే, ఆ తర్వాత రోజూ వాళ్లే అడుగుతారు.

పారిశుద్ధ్య కార్మికుల సంగతి నీకు మరీ మరీ చెప్పాలి. సెప్టెంబరులో మన ఊరి బురద ఎత్తడం పూర్తికాకముందే వాళ్లలో కొందరిని బెజవాడ పంపారు. అక్కడా వాళ్లే ఎత్తారు. 2009లో కర్నూలు మునిగినప్పుడు నేను కొందరు కార్మికులతో అక్కడికి వెళ్లాను. నీళ్లు తీశాక అసలు కష్టం మొదలైంది. బురదలో గాజు పెంకులు, చచ్చిన పశువులు, వాటి మధ్య ఉత్త కాళ్లతో మనుషులు. తిరిగొచ్చాక జ్వరాలు పడ్డవాళ్లకి ఆ జ్వరం డ్యూటీ వల్లే వచ్చిందని రాసిన కాగితం ముక్క కూడా లేదు. మీ దగ్గర అలా జరగకూడదు. ఎవరెవరు ఏ తేదీల్లో డిప్యుటేషన్ మీద వెళ్లారో రికార్డులో ఉందో లేదో చూడు. గమ్ బూట్లు, గ్లౌజులు స్టోర్స్‌లో ఉన్నాయా, వాళ్ల చేతికి అందాయా కనుక్కో, ఈ రెండూ వేర్వేరు ప్రశ్నలు. ధనుర్వాతం, హెపటైటిస్-బి టీకాలు మేలోపే మొదలుపెట్టించు. వరద నీళ్లలో దిగినవాళ్లకి ఎలుకల మూత్రం వల్ల వచ్చే జ్వరం ప్రాణం మీదకి తెస్తుంది కాబట్టి ముందుగా ఇవ్వాల్సిన మందుల గురించి ప్రభుత్వ డాక్టరుతో మాట్లాడి పెట్టు. ఆప్కాస్ (ప్రభుత్వ ఔట్‌సోర్సింగ్ సంస్థ) కింద ఉన్నవాళ్ల పీఎఫ్, ఈఎస్‌ఐ నెలనెలా జమ అవుతోందా అని నలుగురి ఫోన్లలో నువ్వే స్వయంగా చూడు. నివేదిక మొదటి పేజీలో నీ సందేశం ఉండాల్సిన చోట వీళ్లకి కృతజ్ఞతలు ఉండాలని నా కోరిక.

ఇక డబ్బు. చాలామందికి మున్సిపాలిటీ అంటే ఇంటి పన్ను, కుళాయి చార్జీలు కట్టించుకునే ఆఫీసు, అంతే. 2021లో ఆస్తి విలువ మీద పన్ను లెక్క మొదలయ్యాక, పెంపు ఏటా 15 శాతం మించదని చెప్పినా జనానికి మంట చల్లారలేదు. కట్టిన డబ్బు ఎటుపోయిందో ఒక పేజీలో చెప్పగలిగితే ఆ మంట సగం తగ్గుతుంది. సొంత రాబడి ఎంత, జీతాలు, కరెంటు బిల్లు పోను మిగిలింది ఎంత, పైనుంచి వచ్చింది ఎంత అని పక్కపక్కన పెట్టు. 15వ ఆర్థిక సంఘం మనలాంటి పట్టణాలకి ఇచ్చే డబ్బులో 60 శాతం ఇష్టం వచ్చిన పనికి వాడే వీల్లేదు. 30 శాతం తాగునీటికి, 30 శాతం పారిశుద్ధ్యానికి పోవాలి. ఆడిట్ అయిన లెక్కలు ఆన్‌లైన్‌లో పెట్టకపోతే ఆ డబ్బే రాదు. 2025-26తో ఆ సంఘం గడువు కూడా అయిపోతుంది. మా వీధికి సీసీ రోడ్డు ఎందుకు వెయ్యలేదని నిలదీసే మనిషికి ఈ లెక్క చూపిస్తే అర్థం చేసుకుంటాడు. చూపించకపోతే నువ్వు తినేశావనుకుంటాడు.

డీసీబీ పట్టిక (రావాల్సిన పన్ను, వసూలైంది, మిగిలిన బాకీ) తీసుకుని బాకీలు పెద్దవాటి నుంచి చిన్నవాటికి పేర్చమను. పైవరుసలో రిక్షా తొక్కేవాడు, కూరగాయల బండివాడు ఉండరు. కల్యాణ మండపాలు, కొన్ని ప్రైవేటు విద్యాసంస్థలు, ప్రభుత్వ ఆఫీసులే ఉంటాయి. ప్రభుత్వ ఆఫీసుల బాకీ కోసం కలెక్టరుగారి సమీక్షలో లేచి మాట్లాడు, రాతపూర్వకంగానూ ఇవ్వు. ఏప్రిల్‌లో ఏడాది పన్ను మొత్తం ఒకేసారి కడితే 5 శాతం రిబేటు ఉందన్న సంగతి చాలా ఇళ్లకి ఇప్పటికీ తెలియదు, ఈ నెలాఖరు దాకా బండికి మైకు కట్టి తిప్పించు. కాంట్రాక్టర్లకి ఇవ్వాల్సిన పాత బిల్లులు కూడా దాచకు. అప్పు ఉంటే ఉందని రాయి.

కౌన్సిల్ సమావేశం గురించి. ఈ నివేదిక అజెండాలో చివరి అంశంగా పెట్టి, "ఆమోదించడమైనది" అని రెండు నిమిషాల్లో ముగించే అలవాటు మన దగ్గర ఉంది. దీని కోసమే ప్రత్యేక సమావేశం పెట్టు. ప్రతిపక్ష కౌన్సిలర్లని ముందు మాట్లాడనివ్వు. వాళ్లు అరిచినా ఆపకు, వాళ్ల వార్డులోనూ నీళ్లు నిలిచాయి. అసమ్మతి చెప్తే మినిట్స్‌లో ఉన్నది ఉన్నట్టు రాయించు. వరదలో అత్యవసరమని కౌన్సిల్ ఆమోదం కోసం ఆగకుండా ముందస్తు అనుమతితో చేయించిన పనులన్నీ ఖర్చుతో సహా అదే రోజు సభ ముందు పెట్టు. ట్యాంకర్లు, జేసీబీలు, భోజనం పొట్లాల బిల్లుల మీదే రేపు ఆడిట్ అభ్యంతరాలు వస్తాయి, వాటి ట్రిప్ షీట్లు ఇప్పుడే వెతికించు.

ఇంకొక మాట, పెద్దవాణ్ని కాబట్టి అంటున్నాను. అల్లుడుగారు మంచి మనిషి, ఊరికోసం తిరిగాడు, వరదలో అర్ధరాత్రి దాకా పడవ పట్టాడు. కానీ సమీక్షలో నీ పక్క కుర్చీలో ఆయన కూర్చోకూడదు, ఏఈకి ఫోన్ ఆయన చేయకూడదు. మహిళలకి సగం సీట్లు ఇచ్చిన చట్టం నీకు ఆ కుర్చీ ఇచ్చింది. ఆయనతోనూ నేను మాట్లాడతాను, ఆయన బాధపడడు.

నివేదిక పూర్తయ్యాక మునిగిన వార్డుల్లోనే ముందు చదువు. ఏసీ హాల్లో ఆవిష్కరణ సభ వద్దు. సాయంత్రం పనుల నుంచి తిరిగొచ్చే వేళకి, వార్డు సచివాలయం ముందు కుర్చీలు వేయించి, నువ్వే చదువు. వరద సాయం జాబితా రెవెన్యూవాళ్లదే అయినా ఇంటింటికీ తిరిగి పేర్లు రాసింది మన సచివాలయ సిబ్బందే కాబట్టి, పేరు పోయినవాళ్లు నిన్నే అడుగుతారు. అద్దెకి ఉన్నవాళ్లు మరీ అడుగుతారు, సామాన్లు పోయింది వాళ్లవి, ఇల్లు ఇంకొకరిది. అక్కడికక్కడ హామీలు ఇచ్చెయ్యకు, రాసుకుని తేదీ చెప్పు, ఆ తేదీకి జవాబు పంపు. ఒక కాపీ సచివాలయం గోడకి అంటించు. సమాచార హక్కు చట్టం సెక్షన్ 4 ఎవరూ అడక్కుండానే ఇలాంటివి బయట పెట్టమంటోంది.

మీ కౌన్సిల్ 2021 మార్చిలో వచ్చింది, ఇక ఏడాది కూడా లేదు. చిత్తు ప్రతి చివర్లో వచ్చే ఏడాది లక్ష్యాలని చాలా పెద్ద జాబితా ఉంది. అందులో రెండే ఉంచు: ఊరి మధ్య పెద్ద కాల్వ, కాల్వని దాటే కుళాయి పైపులు. పార్కు, 'ఐ లవ్' అని ఊరి పేరు రాసే బోర్డు, సెంట్రల్ లైటింగ్ తర్వాత వచ్చేవాళ్లు చూసుకుంటారు.

రెండో చిత్తు ప్రతి పంపేటప్పుడు వార్డుల వారీ డీసీబీ, పూడికతీత ఎం-బుక్ కాపీలు, ట్యాంకర్ల ట్రిప్ షీట్లు కూడా జత చెయ్యి. అజెండా కౌన్సిలర్లకి వెళ్లకముందే చూసి, పెన్సిలుతో రాసి తిప్పి పంపుతాను. మీ పెద్దమ్మ ఈసారి ఆవకాయ నీకూ కలిపి పెడతానంటోంది, జాడీ పంపించు.

మీ పెదనాన్న