సంఘం బేరం ఎవరితో ఉండాలి?

మీ ప్రశ్న చదివాను. విజయవాడలో మీ అన్నయ్య కొత్త షాపుకు టైల్స్ లారీ వచ్చింది. షాపు కుర్రాళ్లతో దించుకుంటుంటే ఆ ఏరియా ముఠా వాళ్లు, అంటే సరుకు ఎత్తి దించే కూలీల జట్టు వాళ్లు, వచ్చి "మేమే దించాలి, లేదంటే మా కూలి మాకిచ్చి మీరు దించుకోండి" అని లారీ ఆపేశారు. ఈ కాలంలో కార్మిక సంఘాలు అసలు అవసరమా, అవసరమైతే వాటి హద్దు ఎక్కడ అని మీరు అడుగుతున్నారు.

నేను గుంటూరులో ఒక మిర్చి కోల్డ్ స్టోరేజీలో లెక్కలు చూస్తాను. మా నాన్న ఒంట్లో ఓపిక ఉన్నన్నాళ్లూ ముఠా పని చేశారు. కూలి రేట్ల గొడవ ఇంట్లో నాన్న నోట విన్నాను, ఆఫీసులో యజమాని పక్కన కూర్చుని కాగితం మీద రాశాను. అందుకే సంఘాలు కావాలని గట్టిగా చెబుతాను, మీ లారీ ఆపడం తప్పని కూడా అంతే గట్టిగా చెబుతాను.

ముందు, ఎందుకు కావాలో చెబుతాను. బయటి నుంచి చూస్తే ముఠా పనంటే బస్తా ఎత్తడం, దించడం, అంతే. కానీ రేట్ల కాగితంలో దానికి చాలా పద్దులు ఉంటాయి. లారీ నుంచి దిగుమతికి ఒక రేటు, కాటా మీద పెట్టి తీయడానికి ఒకటి, ఛాంబర్ లోపలికి మోయడానికి ఒకటి, నెట్టు కట్టడానికి, అంటే బస్తాలు ఒకదాని మీద ఒకటి పేర్చడానికి ఇంకొకటి. నెట్టు ఎత్తు పెరిగేకొద్దీ పై వరసలకు అదనం. మిర్చి టిక్కీ, అంటే బస్తా, నలభై కిలోలకు అటూ ఇటూ తూగుతుంది. ఏప్రిల్లో బయట నెత్తి మాడే ఎండ, లోపల వణికించే చలి. చెమటకు తడిసిన బనీనుతో లోపలికి పోతారు, వణుకుతూ మళ్లీ ఎండలోకి వస్తారు. ఇక ఘాటు సంగతి చెప్పనక్కర్లేదు. నాన్న ఇంటికి వచ్చి సబ్బుతో ఎన్నిసార్లు రుద్దుకున్నా చేతుల మంట పోయేది కాదు. కొబ్బరినూనె రాసి, కాసేపు ఆగాకే అమ్మ మా తమ్ముడిని ఆయన చేతికి ఇచ్చేది.

ఈ పనిలో అసలు చిక్కు వేరే ఉంది. ఫ్యాక్టరీలో పనిచేసేవాడికి యజమాని ఎవరో తెలుసు. ముఠా మనిషికి యజమాని ఎవరు? బస్తా రైతుది, అమ్మిపెట్టేది కమీషన్ వ్యాపారి, లారీ ఇంకొకరిది, గోడౌన్ మరొకరిది. నాన్నతో పనిచేసే ఒకాయన నెట్టు మీద నుంచి జారి పడి తుంటి ఎముక విరగ్గొట్టుకున్నాడు. స్టోరేజీ వాళ్లు సరుకు మాది కాదన్నారు. సరుకు తాలూకు వ్యాపారి, పడింది స్టోరేజీలో కదా అన్నాడు. ఆయన భార్య ఆసుపత్రి బిల్లు పట్టుకుని ఇద్దరి చుట్టూ తిరిగింది. చివరికి సంఘం వాళ్లు ఇద్దరినీ ఒక గదిలో కూర్చోబెట్టి చెరి సగం కట్టించారు. ముఠా నిధి నుంచి కొన్నాళ్లు ఇంటి ఖర్చుకు ఇచ్చారు. సంఘం లేకపోతే ఆవిడ ఒంటరిగా ఎవర్ని అడగాలి? నోటిమాట మీద బతికే పనుల్లో, అడిగితే రేపటి నుంచి రావద్దనే పనుల్లో సంఘం ఒక్కటే మనిషికి గొంతునిస్తుంది. ఇప్పుడు బైక్ మీద డెలివరీలు చేసే పిల్లల పరిస్థితీ ఇదే. వాళ్ల యజమాని ఫోన్‌లో ఒక యాప్.

సంఘం పెట్టడం నేరం కాకుండా పోవడానికి కూడా పెద్ద కథే నడిచింది. 1918లో మద్రాసులో బి.పి. వాడియా వాళ్లు మద్రాసు లేబర్ యూనియన్ పెట్టారు. అప్పుడు మన గుంటూరు, బెజవాడ మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉండేవి. 1920లో, అక్కడ బట్టల మిల్లులు నడిపే బిన్నీ కంపెనీ హైకోర్టుకు వెళ్లింది. పనివాళ్లు ఒప్పందం తప్పేలా ఈ నాయకులు ప్రేరేపిస్తున్నారని చెప్పి వాళ్ల మీద నిషేధపు ఉత్తర్వు తెచ్చుకుంది. అంటే కూలి పెంచమని పదిమందిని కూడగట్టినవాడు కంపెనీకి నష్టపరిహారం కట్టాల్సిన పరిస్థితి. ఆ దెబ్బతోనే కార్మిక నాయకుడు ఎన్.ఎం. జోషి కేంద్ర శాసనసభలో ఈ విషయం ఎత్తారు, చివరికి 1926లో ట్రేడ్ యూనియన్ల చట్టం వచ్చింది. కార్మిక వివాదంలో సంఘం చేసే చట్టబద్ధమైన పనికి సివిల్ దావాల నుంచి, కుట్ర కేసుల నుంచి రక్షణ దొరికింది. ఆ రక్షణలే ఇప్పుడు 2020 నాటి పారిశ్రామిక సంబంధాల కోడ్‌లోకి మారాయి. ఆ కోడ్ 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చింది.

ఆ రక్షణ ఎందుకు ఇచ్చారో గుర్తుంటే హద్దు ఎక్కడో కూడా తెలుస్తుంది. కూలి ఇచ్చేవాడితో సమానంగా కూర్చుని బేరమాడటానికి ఇచ్చారు. ఆ బేరం బరువు అవతలి కుర్చీలో కూర్చున్నవాడి మీద పడాలి. మూడో మనిషి మీద పడితే, అతనెవరు, అతనికి ఎంత నష్టం అని సంఘమే ముందు ఆలోచించుకోవాలి.

మా దగ్గర జరిగిన ఒక సంగతి చెబుతాను. రెండేళ్లకోసారి రేట్ల ఒప్పందం మారుస్తారు. ఒకసారి గడువు సరిగ్గా మార్చిలో, సీజన్ నడిమధ్యలో తీరింది. చర్చ తెగలేదు. కుర్రవాళ్లంతా పని మొత్తం బంద్ పెడదామన్నారు. మార్చిలో పని ఆగితే దెబ్బ ఎవరికి? పల్నాడు నుంచో, ప్రకాశం నుంచో రాత్రంతా ప్రయాణం చేసి వచ్చి, బస్తాల పక్కనే కండువా పరుచుకుని పడుకున్న రైతుకు. నాలుగు చినుకులు పడితే కాయ రంగు మారి, మంచి సరుకు కూడా తాలు ధరకు పోతుంది. వ్యాపారికేం, ఓ వారం ఆగి తక్కువకు కొంటాడు. మా ముఠా మేస్త్రి నాన్నకు స్నేహితుడు, నేను బాబాయ్ అంటాను. ఆయన అన్న మాట ఇది: "దిగుమతి ఆపొద్దు, ఎగుమతి ఆపండి." రైతుల సరుకు ఎప్పటిలా దిగింది, లోపలికి పోయింది. వ్యాపారులు బయటికి పంపాల్సిన లోడ్లు మాత్రం కదల్లేదు. లారీలు గేటు బయట బారులు తీరాయి. మా ఆఫీసు ఫోన్ పొద్దున్నుంచి రాత్రి దాకా మోగుతూనే ఉంది. వారం తిరక్కుండానే వాళ్లే చర్చలకు పిలిచారు, రేటు పెరిగింది. యజమాని తరఫున కూర్చుని ఆ టెన్షన్ అంతా పడ్డది నేనే, అయినా ఆ సమ్మెను ఇప్పటికీ గౌరవిస్తాను.

అన్ని పనుల్లోనూ ఇలా విడదీయడం కుదరదని తెలుసు. బస్సు ఆగితే ప్రయాణికుడు ఆగిపోతాడు, ఆసుపత్రి ఆగితే రోగి. అలాంటిచోట ముందు నోటీసు, అత్యవసరానికి మనుషుల్ని వదలడం, సమ్మె ఎక్కడ ముగించాలో ముందే అనుకోవడం సంఘం బాధ్యత. తెలంగాణ ఆర్టీసీ సమ్మె గుర్తుండే ఉంటుంది. 2019 అక్టోబరు 5న దాదాపు 48 వేల మంది దిగారు, 52 రోజుల తర్వాత ముఖ్యమైన డిమాండ్ నెరవేరకుండానే విరమించారు. వాళ్లకు వాళ్లే ఉద్యోగాలు వదులుకున్నట్టు అని ప్రభుత్వం ప్రకటించడం అన్యాయమని అప్పుడూ అనుకున్నాను, ఇప్పుడూ అనుకుంటున్నాను. కానీ జీతం రాని ఇల్లు ఎన్నాళ్లు నిలబడుతుందో లెక్క వేయాల్సింది మాత్రం నాయకులే.

హద్దులు సంఘాలకే ఉండాలని చాలామంది అంటారు, కానీ వాటిని గీసేవాళ్లకూ ఉండాలి. సంఘం పెట్టుకోవడం రాజ్యాంగంలో 19వ అధికరణ ఇచ్చిన ప్రాథమిక హక్కు. సమ్మె మాత్రం ప్రాథమిక హక్కు కాదని సుప్రీంకోర్టు 1962లోనే చెప్పింది. ప్రభుత్వ ఉద్యోగులకు సమ్మె హక్కు లేదని 2003లో ఇంకా కటువుగా చెప్పింది. కొత్త కోడ్ ప్రకారం ఏ సంస్థలోనైనా 14 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. సగం మంది కలిసి ఒకే రోజు క్యాజువల్ లీవ్ పెట్టినా అది సమ్మె కిందికే వస్తుంది. నోటీసు న్యాయమే, నేను దాన్ని తప్పుపట్టను. కానీ 2023 డిసెంబరులో మన రాష్ట్రంలో అంగన్‌వాడీలు సమ్మెకు దిగినప్పుడు, జనవరిలో వాళ్ల మీద ఎస్మా, అంటే అత్యవసర సేవల్లో సమ్మెను నిషేధించే చట్టం, పెట్టారు. అప్పుడు టీచరుకు వచ్చేది నెలకు 11,500 రూపాయలు, అదీ జీతం పేరుతో కాదు, గౌరవ వేతనం. మా వీధి అంగన్‌వాడీ అక్క ఆ రోజుల్లో విజయవాడ ధర్నా చౌక్‌కు వెళ్లి వచ్చి, "పని అత్యవసరమంట, మేం మాత్రం ఉద్యోగులం కాదంట" అని కళ్లనీళ్లు పెట్టుకుంది. ఆ పని ఆగితే సమాజం ఆగిపోతుందని నమ్మితే, ఆ నమ్మకం వాళ్ల జీతంలోనూ కనపడాలి. 42 రోజులు రోడ్డు మీద కూర్చుంటే గానీ వాళ్ల మాట వినలేదు.

ఇక మీ లారీ సంగతి. చేయని పనికి కూలి అడగడాన్ని నేను సంఘం హక్కుగా ఒప్పుకోను. కేరళలో దీనికి నోక్కుకూలి అని పేరే ఉంది, అంటే చూస్తూ నిలబడ్డందుకు కూలి. బలమైన కార్మిక ఉద్యమం ఉన్న ఆ రాష్ట్రమే, ఎర్రజెండా ప్రభుత్వమే, 2018 మే డే నుంచి దాన్ని రద్దు చేసింది. ముఠా వాళ్ల వాదన కూడా నాకు తెలుసు. ఒక షాపు వదిలేస్తే రేపు బజారంతా రోజుకూలి కుర్రాళ్లతో సగం రేటుకు దింపించుకుంటుందని వాళ్ల భయం. అది ఊరికే పుట్టిన భయం కాదు. అయితే దానికి మందు, ఎవరు దించినా ఒప్పందపు రేటుకు తగ్గకూడదని వ్యాపార సంఘంతో రాయించుకోవడం. టైల్స్ తెచ్చుకున్న మనిషి దారికి అడ్డం నిలబడితే, సంఘం అన్న మాటంటేనే జనానికి విసుగు పుడుతుంది. ఆ విసుగు చివరికి మా నాన్న లాంటి వాళ్ల మీదే పడుతుంది.

మీరు అడగలేదు గానీ నన్ను అన్నిటికంటే బాధపెట్టే సంగతి ఒకటుంది. చాలాచోట్ల ముఠాలో చోటు ఆస్తిలా మారింది. తండ్రి మానేస్తే కొడుకుకు, కొడుకు లేకపోతే డబ్బిచ్చినవాడికి. మా స్టోరేజీ షెడ్డులోనే ఓ పక్కన ఆడవాళ్లు కూర్చుని మిరపకాయలకు ముచ్చికలు, అంటే తొడిమలు తీస్తారు. కిలోకు ఇంత అని కూలి. వేళ్లకు పాత గుడ్డ పీలికలు చుట్టుకుంటారు, సాయంత్రానికి అవి కూడా ఎర్రబడతాయి. "ఏమ్మా, నా కిలోలు సరిగ్గా రాశావా" అని పోతూ పోతూ నా కిటికీ దగ్గర ఆగి అడుగుతారు. వాళ్లలో చాలామంది ముఠా వాళ్ల ఇళ్ల ఆడవాళ్లే. పోయినసారి ఒప్పందం రాసేటప్పుడు, "బాబాయ్, ముచ్చికల రేటు కూడా ఇందులో పెట్టించండి" అన్నాను. "వాళ్లు మన సంఘం కాదు కదమ్మా" అన్నాడు. రైతు గురించి అంత ఆలోచించిన మనిషి, అదే కప్పు కింద కూర్చున్న ఆడమనిషిని లెక్కలోకి తీసుకోలేదు. బిహార్ నుంచి వచ్చిన పిల్లల సంగతీ అంతే. సంఘం తన సభ్యుల గోడ దాటి చూడకపోతే, యజమాని ఆ గోడకు అవతల చవకగా మనుషుల్ని వెతుక్కుంటాడు. అప్పుడు లోపలున్నవాళ్ల రేటూ నిలవదు. ముచ్చికలు తీసేవాళ్లు విడిగా సంఘం రిజిస్టర్ చేసుకునే వీలుంది. సంస్థలో పనిచేసేవాళ్లలో పదో వంతు లేదా వందమంది, ఏది తక్కువైతే అంతమంది చాలు, ఏడుగురికి మాత్రం తగ్గకూడదు. ఆ మాట వాళ్లకు చెప్పాను, కాగితాలు తెచ్చి ఇచ్చాను. ఉన్న సంఘమే వాళ్లను చేర్చుకుంటే ఇంకా బాగుంటుందని బాబాయ్‌తో ఇప్పటికీ వాదిస్తూనే ఉన్నాను.

మీ అన్నయ్యకు చెప్పండి: ముఠా వాళ్లతో రోడ్డు మీద వాదన వద్దు. మేస్త్రిని షాపుకు పిలిచి, ఆ ఏరియాలో అమల్లో ఉన్న రేట్ల ఒప్పందం కాపీ చూపించమనండి. వాళ్ల చేత దింపించుకుంటే ఆ రేటు పూర్తిగా ఇచ్చి రసీదు తీసుకోవాలి. సొంత మనుషులతో దించుకుంటే ఎవరికీ ఏమీ బాకీ లేదు. మళ్లీ లారీ ఆపితే లేబర్ ఆఫీసులో రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వాలి, బెదిరిస్తే పోలీసులకు చెప్పాలి. ఇంకో మాట: మేస్త్రిని పక్కనపెట్టి ఒక్కొక్కరితో విడిగా తక్కువకు బేరమాడొద్దనండి. అందరికీ కలిపి ఒకే రేటు ఒప్పుకుని, అది కాగితం మీద రాసుకోమనండి.