ఎనిమిదేళ్ల తర్వాత మళ్లీ ఉద్యోగమా? ముందు మధ్యాహ్నాల సంగతి తేల్చుకోండి

ఎనిమిదేళ్లుగా పిల్లలతో ఇంట్లోనే ఉన్నానని, చిన్నవాడు ఒకటో తరగతిలో చేరాడని, ఒడిశాలో మన బరంపురంలోనే మళ్లీ అకౌంట్స్ పని చూసుకోవాలని ఉందని, కానీ ఇంత గ్యాప్ ఉంటే ఎవరిస్తారని ఇంట్లో అంటున్నారని రాశారు. మాదీ బరంపురమేనండి. నేనూ బీకామ్ చదివి, పెళ్లికి ముందు ఒక హోల్‌సేల్ డీలర్ దగ్గర లెక్కలు చూసి, ఇద్దరు పిల్లలు పుట్టాక మానేసి, చాలా ఏళ్లకు మళ్లీ చేరినదాన్నే. అందుకే గట్టిగా చెప్తున్నాను, గ్యాప్ గురించి టెన్షన్ పడకండి. ఇంటర్వ్యూలో ఒక ప్రశ్న అడుగుతారు, పిల్లల్ని చూసుకున్నానని మామూలుగా చెప్తే అయిపోతుంది. వాళ్లకు కావాల్సిందల్లా, పిల్లాడికి జ్వరం వస్తే మీరు ఆఫీసుకి వస్తారా రారా అన్నది. నేను వెళ్లిన ప్రతిచోటా ఏదో ఒక రకంగా అదే అడిగారు. ఆ జవాబు ఇంట్లో అందరూ కూర్చుని ముందే తేల్చుకోవాలి.

ముఖ్యంగా ఏప్రిల్ నెల. మన దగ్గర ఎండలకు స్కూళ్లు పొద్దుటిపూటకు మారిపోతాయి, ఎండ మరీ ముదిరితే 2024లో లాగా ఏప్రిల్‌లోనే సెలవులిచ్చేస్తారు, ఆఫీసు మాత్రం సాయంత్రం దాకా ఉంటుంది. మా అత్తగారికి మోకాళ్ల నొప్పులు, పిల్లల వెనక తిరగలేనని ఆవిడే మొహమాటం లేకుండా చెప్పారు. అలా ముందే చెప్పినందుకు నాకు ఇప్పటికీ ఆవిడంటే గౌరవం. దాంతో పిల్లలు వ్యాన్ దిగి పక్కవీధిలో మా పిన్ని ఇంట్లో అన్నం తినేటట్టు, ఎవరికైనా ఒళ్లు బాగోకపోతే పొద్దున నేను, షాపు మూశాక మధ్యాహ్నం మావారు చూసుకునేటట్టు మాట్లాడుకున్నాం. "నేనున్నాగా, చూద్దాంలే" అనే మాట మీద మాత్రం ఉద్యోగంలో చేరకండి, ఏ పూట ఎవరో స్పష్టంగా తేలాలి. నెలనెలా జీఎస్టీ రిటర్నులు వేసే వ్యాపారమైతే అమ్మకాల వివరాలిచ్చే జీఎస్టీఆర్-1 11వ తేదీకి, పన్ను కట్టే 3బి 20వ తేదీకి వెళ్లాలి కదా, ఆ రోజుల్లో ఆలస్యమవుతుందని ఇంట్లో వాళ్లకు ముందే తెలిసుండాలి.

ఇక నేర్చుకోవాల్సింది. జీఎస్టీ 2017 జూలై 1న వచ్చింది, అంటే మీ చేతికి అలవాటైనవి దాదాపు అంతకుముందున్న అమ్మకపు పన్ను, వ్యాట్ లెక్కలే. లెక్కలు రాసే సాఫ్ట్‌వేర్ ట్యాలీ కూడా మారింది, ఈఆర్‌పీ 9 తర్వాత 2020లో ప్రైమ్ వచ్చింది, మెనూలు వేరుగా ఉంటాయి కానీ నాలుగు రోజులు కూర్చుంటే చెయ్యి తిరుగుతుంది. డెబిట్, క్రెడిట్ ఎక్కడికీ పోలేదు! వేలు పోసి సర్టిఫికెట్ కోర్సులో చేరేకంటే తెలిసిన ఆడిటర్ గారి ఆఫీసులో కొన్నాళ్లు కూర్చోండి, నేను అదే చేశాను. అక్కడ సప్లయర్ల బిల్లులు 2బిలో, అంటే జీఎస్టీ పోర్టల్‌లో నెలనెలా వచ్చే కొనుగోళ్ల జాబితాలో పడ్డాయో లేదో సరిచూడటం బాగా పట్టుకోండి. 2022 జనవరి నుంచి అందులో కనిపించని బిల్లుకు, కొన్నప్పుడు కట్టిన పన్నును మన పన్నులో తగ్గించుకునే ఇన్‌పుట్ క్రెడిట్ తీసుకోవడానికి లేదు, అంటే పొరపాటు జరిగితే యజమాని సొంత డబ్బు పన్నుకు కట్టాలి. ఆ పని శ్రద్ధగా చేసే మనిషికి ఎక్కడైనా విలువ ఉంటుంది, గ్యాప్ ఎంతని తర్వాత ఎవరూ అడగరు.

ఒడియా మాట్లాడటం మనకెలాగూ వస్తుంది, చదవడం రాకపోతే అది కూడా మొదలుపెట్టండి. రాష్ట్ర ఆఫీసుల నుంచి వచ్చే కాగితాలు చాలావరకు ఒడియాలోనే ఉంటాయి. నేను మా అమ్మాయి స్కూలు పుస్తకం పక్కన పెట్టుకుని నేర్చుకున్నాను, దానికీ నాకూ ఒకేసారి వచ్చింది.

పాత చోట పీఎఫ్ కట్టి ఉంటే ఆ యూఏఎన్ నంబరే (ఉద్యోగం మారినా మారని పీఎఫ్ నంబరు) కొత్త చోటా ఇవ్వండి. పీఎఫ్‌లోని పెన్షన్ భాగం వెనక్కి తీసేసుకోకపోతే, పెన్షన్‌కి కావాల్సిన 10 ఏళ్ల సర్వీసులో పాత ఏళ్లు కూడా కలుస్తాయి.

జీతం దగ్గర వంగకండి. ఒక చోట నాతో, ఇన్నేళ్లు ఇంట్లో ఉన్నారు కాబట్టి మొదట్లో సగమే ఇస్తామన్నారు, ఆ సీట్లో అంతకుముందు చేసినతనికి ఎంత ఇచ్చారో అడిగితే చెప్పలేదు, నేను చేరలేదు. తర్వాత దొరికిన చోట మూడు నెలలు తక్కువకు చేసి, పని చూశాక పెంచుతామంటే ఒప్పుకున్నాను, కానీ ఆ మాట కాగితం మీద రాయించుకున్నాకే.

ఇంతకీ మీరు ముందు చేసింది బిల్లింగా, పూర్తి అకౌంట్సా అన్నది రాయలేదు. అది చెప్పండి, ఆడిటర్ గారి దగ్గర ఏది ముందు అడగాలో దాన్నిబట్టి చెప్తాను.