పిల్లల పేర్లు షీట్లకెక్కించే ముందు

చిరంజీవి మేనకోడలికి మావయ్య ఆశీస్సులు.

స్టేషన్ హౌస్ ఆఫీసరుగా ఛార్జి తీసుకున్నావనీ, బాలల సంక్షేమ పోలీసు అధికారి బాధ్యత కూడా నీకే అప్పగించారనీ మీ అమ్మ చెప్పింది. వచ్చే నెలలోగా బీట్లు, అంటే గస్తీ ప్రాంతాలు, కొత్తగా విభజించి డీఎస్పీ గారికి పంపాలనీ, ఉన్న కొద్దిమంది కానిస్టేబుళ్లలో ఏ వీధికి ఎందరిని వేయాలో తేలడం లేదనీ నువ్వు రాశావు. బీట్ల సంగతి అడిగితే రికార్డుల సంగతి మొదలుపెట్టాడేమిటని అనుకోవద్దు. ఈ రెంటినీ వేర్వేరు పనులుగా చూడటమే నా సర్వీసులో నేను చేసిన పెద్ద పొరపాటు. పాత నేరస్థుల మీదా, అనుమానితుల మీదా నిఘా కోసం స్టేషన్‌లో తెరిచిన ప్రతి షీటూ రాత్రిపూట ఒక కానిస్టేబుల్‌ను ఒక ఇంటి గుమ్మం దాకా నడిపిస్తుంది. అక్కడ అతడు చూసింది మళ్లీ షీట్‌లోకి ఎక్కుతుంది. ఆ రాతను చూపించి మరుసటి ఏడాది అదే వీధికి ఇంకొక కానిస్టేబుల్‌ను వేస్తాం.

నేను ఎస్సైగా ఉన్న రోజుల్లో మా పరిధిలో ఒక ఎరుకల కాలనీ ఉండేది. అక్కడి ఒక పాత నేరస్థుడి షీట్ తిరగరాస్తూ కుటుంబ వివరాల దగ్గర నా చేత్తో నేనే ఇలా రాశాను: ‘కుమారుడు, వయసు 9, తండ్రి వెంట తిరుగుచున్నాడు, నిఘా అవసరం.’ తొమ్మిదేళ్ల పిల్లవాడు తండ్రి వెంట కాక ఎవరి వెంట తిరుగుతాడన్న ఆలోచన ఆనాడు నాకు రాలేదు. చాలా ఏళ్ల తర్వాత సర్కిల్ ఇన్‌స్పెక్టరుగా అదే స్టేషన్ తనిఖీకి వెళ్తే, ఆ పిల్లవాడి పేరు మీద విడిగా సస్పెక్ట్ షీట్ కనిపించింది. అందులో ఏడు చోట్ల ‘ప్రశ్నించి పంపివేయడమైనది’ అని ఉంది. అంటే ఏడు దొంగతనాల్లో అతణ్ణి పట్టుకొచ్చి, ఏమీ తేలక ఏడుసార్లూ వదిలిపెట్టారు. ఒక్క కేసు లేదు, ఒక్క శిక్ష లేదు. అయినా షీట్ తెరవడానికి చూపిన కారణం ‘పలుమార్లు అనుమానితుడు’ అని. ఏడుసార్లూ అతణ్ణే ఎందుకు పట్టుకొచ్చారో వెనక్కి వెతుక్కుంటూ పోతే చివరికి తేలింది నా దస్తూరీతో ఉన్న ఆ ఒక్క వాక్యమే. అబద్ధమేమీ రాయకుండానే ఒక మనిషి బతుకును ఎంతగా పాడుచేయవచ్చో ఆ రోజు నాకు తెలిసింది.

ఇది నా ఒక్కడి పొరపాటు అనుకోవద్దు. ఈ అలవాటు మనకు వారసత్వంగా వచ్చింది. 1871లో తెచ్చిన నేరస్థ జాతుల చట్టం పుట్టుకనే నేరానికి ఆధారం చేసింది. 1911లో దాన్ని మద్రాసు ప్రెసిడెన్సీకీ వర్తింపజేశాక మన ప్రాంతంలో ఎరుకలవారి వంటి జాతుల పేర్లు రిజిస్టర్లకెక్కాయి, వేలిముద్రలు తీశారు, హాజరు పట్టీలు వచ్చాయి, బాపట్ల దగ్గరి స్టూవర్టుపురం వంటి సెటిల్‌మెంట్లు, అంటే ఆ జాతులను నిఘాలో ఉంచే నివాసాలు, వెలిశాయి. ఆరేళ్లు దాటిన పిల్లల్ని తల్లిదండ్రుల నుంచి విడదీసి పారిశ్రామిక పాఠశాలల్లో పెట్టే అధికారం కూడా ఆ చట్టంలో ఉండేది. 1952 ఆగస్టు 31న చట్టాన్ని ఎత్తివేశారు, ఆ జాతులను విముక్త జాతులన్నారు. చట్టం పోయినా రిజిస్టర్ గీతలు మాత్రం బీరువాలోనే మిగిలాయి. స్టేషన్ రికార్డులు రాసే ఒక రైటర్ నుంచి ఇంకొక రైటర్‌కు, ఒక ఎస్సై నుంచి ఇంకొక ఎస్సైకి అవి చేతులు మారుతూనే ఉన్నాయి. ముస్లిం బస్తీలకూ, పొట్టచేతపట్టుకుని వచ్చినవారి గుడిసెల వాడలకూ ఇదే పద్ధతి పాకింది.

పైగా ఇది మన దేశపు జబ్బు మాత్రమే కాదు. స్వీడన్ దక్షిణ భాగంలోని స్కోనె పోలీసులు రోమా అనే అల్పసంఖ్యాక జాతి కుటుంబాల వంశవృక్షాన్ని గీసి నాలుగు వేలకు పైగా మనుషుల్ని ఒక రిజిస్టర్‌లో పెట్టారని 2013లో ఒక దినపత్రిక బయటపెట్టింది. అందులో వెయ్యిమందికి పైగా పిల్లలే, రెండేళ్ల పసివాళ్లు కూడా ఉన్నారు. బాధితుల్లో కొందరు కోర్టుకు వెళ్తే జాతి ఆధారంగానే ఆ జాబితా తయారైందని తేలి, ప్రభుత్వం పరిహారం చెల్లించవలసి వచ్చింది. అమెరికాలోని కాలిఫోర్నియాలో ముఠా సభ్యుల కంప్యూటర్ జాబితాను 2016లో ఆ రాష్ట్ర ఆడిటర్ తనిఖీ చేస్తే, పేరు ఎక్కించిన నాటికి ఏడాది కూడా నిండనట్టు నమోదైనవారు 42 మంది కనిపించారు. వారిలో 28 మంది తాము ముఠాలో ఉన్నామని స్వయంగా ఒప్పుకున్నట్టు రాసి ఉంది! కంప్యూటర్‌లో ఉంది కాబట్టి నిజమేనని మన కుర్ర కానిస్టేబుళ్లు నీతో వాదించినప్పుడు ఈ సంగతి వాళ్లకు చెప్పు.

ఇక నువ్వు చేయవలసిన పని. ముందుగా షీట్లన్నీ బయటికి తీయించి, కుటుంబ సభ్యులు, బంధువులు అన్న గడుల్లో పద్దెనిమిదేళ్ల లోపు వారి పేర్లు ఎన్ని ఉన్నాయో నువ్వే స్వయంగా చూడు. ఈ పని రైటర్‌కు అప్పగించవద్దు. అతడు లెక్క చెబుతాడు తప్ప ఆ రాతలో ఉన్న కంపు చెప్పడు. 2024 మే 7న ఢిల్లీకి సంబంధించిన ఒక హిస్టరీ షీట్ వ్యాజ్యంలో సుప్రీంకోర్టు ఈ విషయం మీదే తీర్పు చెప్పింది. నేరస్థుడికి ఆశ్రయమిచ్చినట్టు ఆధారం ఉంటే తప్ప మైనర్లయిన బంధువుల వివరాలు షీట్‌లో ఎక్కడా రాయకూడదన్న ఢిల్లీ పోలీసుల సవరించిన ఉత్తర్వును కోర్టు ఆమోదించింది. అంతటితో ఆగకుండా, వెనుకబడిన వర్గాలవారి పేర్లు, ముఖ్యంగా ఎస్సీ, ఎస్టీలవి, కుల దురభిమానంతో యాంత్రికంగా షీట్లకెక్కుతున్నాయన్న ఆందోళనను ప్రస్తావించి, తనంతట తానుగా ఆ విషయాన్ని అన్ని రాష్ట్రాలకూ విస్తరించింది. ఆ తీర్పు ప్రతిని దగ్గర పెట్టుకుని, ఒక్కో పేరుకూ పేజీ నంబరు వేసి, తొలగింపునకు అనుమతి కోరుతూ డీఎస్పీ గారికి లిఖితపూర్వకంగా పంపు. నీ అంతట నువ్వు కాగితం చింపినా, దిద్దినా అది రికార్డు తారుమారు కిందికి వస్తుంది; మంచి పనిని తప్పుడు దారిలో చేసి దొరికిపోయినవాళ్లను నేను చూశాను.

పెద్దవాళ్ల షీట్లకు కూడా ఏటా డిసెంబరు నెలాఖరున సమీక్ష ఉండాలని మన పోలీసు మాన్యువలే చెబుతుంది. ఆచరణలో మాత్రం ‘కొనసాగించవలెను’ అన్న రబ్బరు ముద్ర ఒకటి పడుతుంది. మనిషి చనిపోయి నాలుగేళ్లయినా కొనసాగుతున్న షీట్లు నాకు తెలుసు.

చట్టంతో చిక్కుపడ్డ పిల్లవాడు నీ ముందుకు వచ్చినప్పుడు ఏం రాయాలన్నది ఇంకా ముఖ్యం. 2015 నాటి బాలల న్యాయ చట్టం కింద వచ్చిన 2016 నమూనా నియమాల ప్రకారం, ఘోరమైన నేరం అయితేనో, పెద్దవాళ్లతో కలిసి చేసినదైతేనో తప్ప ఎఫ్ఐఆర్ కట్టకూడదు. జనరల్ డైరీలో నమోదు చేసి, సామాజిక నేపథ్య నివేదిక రాసి, మొదటి విచారణకు ముందే జువెనైల్ జస్టిస్ బోర్డుకు పంపాలి. లాకప్‌లో పెట్టకూడదు, బేడీలు వేయకూడదు, మనం యూనిఫాంలో ఉండకూడదు అన్నవి నీకు శిక్షణలో చెప్పే ఉంటారు. శిక్షణలో చెప్పనిది ఆ నివేదికను ఎలా రాయాలన్నది. ‘నేర స్వభావం గల కుటుంబము’, ‘సదరు కాలనీ వారికి ఇది అలవాటు’ వంటి వాక్యాలు కలం జారినంత సులువుగా వస్తాయి, ఎందుకంటే పాత ఫైళ్లన్నీ అవే. వాటి బదులు జరిగింది రాయి. ఫలానా తేదీన, ఫలానా వేళకు, ఫలానా దుకాణం ముందు సెల్‌ఫోన్ తీశాడని దుకాణదారు చెప్పాడు. పిల్లవాడు ఏడో తరగతిలో బడి మానేశాడు. తల్లి పనికి పోతుంది. పిల్లవాడు రెండు రోజులుగా ఇంటికి రాలేదు. మనిషి స్వభావం గురించి తీర్పు చెప్పే విశేషణం ఏది వచ్చినా దాన్ని కొట్టేసి, ఆ స్థానంలో నువ్వు చూసిన సంగతి ఏదైనా ఉంటే రాయి. ఏమీ లేకపోతే ఖాళీగా వదిలెయ్. ఖాళీగా ఉన్న గడి చూసి రైటర్లు కంగారుపడతారు, నువ్వు పడకు.

వయసు దగ్గర మరీ జాగ్రత్తగా ఉండు. ‘చూపరులకు సుమారు 19’ అని రాసేసి పదహారేళ్ల పిల్లవాణ్ణి పెద్దవాడిగా చూపించడం మనవాళ్లకు పరిపాటి. అందులోనూ కష్టం చేసి ఒళ్లు గట్టిపడ్డ పేదపిల్లల విషయంలో ఇది మరీ ఎక్కువ. బడి ఇచ్చిన పుట్టిన తేదీ పత్రం లేదా మెట్రిక్ సర్టిఫికెట్, అది లేకపోతే పంచాయతీ లేదా మున్సిపాలిటీ ఇచ్చిన జనన ధ్రువపత్రం, అదీ లేనప్పుడే వైద్య పరీక్ష అని చట్టం వరుస కూడా చెప్పింది. సంచార జాతుల పిల్లలకు మొదటి రెండూ తరచూ ఉండవు. అటువంటప్పుడు బడి హాజరు పట్టీ కోసం ఒక కానిస్టేబుల్‌ను అర పూట పంపితే ఆ శ్రమ వృథా కాదు.

కేసు ముగిశాక ఆ పిల్లవాడి రికార్డు ఏదీ ప్రవర్తనా ధ్రువీకరణ కోసం బయటపెట్టకూడదని 74వ సెక్షన్ స్పష్టంగా చెబుతోంది. బోర్డు తేల్చిన కేసుల రికార్డును అప్పీలు గడువు వరకో, ఏడేళ్ల వరకో భద్రపరిచి ఆ తర్వాత నాశనం చేయాలని నియమం. పాస్‌పోర్టు, ఉద్యోగాల విచారణ కాగితాలు వచ్చినప్పుడు ఎవరు ఏ రిజిస్టర్ తెరుస్తున్నారో గమనించు. అంతకన్నా పెద్ద తలనొప్పి ఈ కాలపు ఫోన్లు. కార్డన్ సెర్చ్ (చుట్టుముట్టి ఇంటింటా సోదా చేయడం) పేరుతో తెల్లవారుజామున బస్తీలోకి వెళ్లినప్పుడు, దారిలో కనిపించిన కుర్రాళ్లందరినీ వరసగా నిలబెట్టి ఫొటోలు తీసి స్టేషన్ వాట్సాప్ గ్రూపులో పెడతారు. అది ఏ రిజిస్టర్‌లోనూ ఉండదు, దానికి నంబరు లేదు, దాన్ని నాశనం చేయమని ఏ బోర్డూ ఉత్తర్వు ఇవ్వలేదు. ఇరవై ఫోన్లలో మాత్రం పదేళ్లు బతుకుతుంది. నా కాలంలో ఈ బెడద లేదు కాబట్టి అనుభవంతో కాక తర్కంతో చెబుతున్నాను: పిల్లల ఫొటోలు గ్రూపులో పెట్టకూడదని లిఖితపూర్వకంగా ఉత్తర్వు ఇవ్వు, మొదటిసారి పెట్టినవాడికి మెమో ఇవ్వు.

ఇప్పుడు బీట్ల దగ్గరికి వస్తాను. నువ్వు పంపిన పట్టికలో కాలనీకి ఇద్దరు, బస్టాండుకు ఒకరు, కొత్తగా కట్టిన అపార్టుమెంట్ల వైపు ఎవరూ లేరు. ఎందుకని అడిగితే కాలనీలో షీట్లు ఎక్కువ అని పాత ఎస్సై రాసి పెట్టాడని అన్నావు. షీట్ల సంఖ్య అనేది మనం ఎంతమందిని అనుమానించామో చెప్పే లెక్క. ఎక్కడ నేరం జరిగిందో చెప్పే లెక్క కాదు. గడచిన రెండేళ్ల ఎఫ్ఐఆర్లు తీసి, నిందితుల చిరునామా పక్కన పెట్టేసి, నేరం జరిగిన చోటూ, వేళా మాత్రమే ఒక కాగితం మీద రాయించు. కాలనీవాడు బస్టాండులో జేబు కొట్టాడంటే కాపలా కావలసింది బస్టాండుకు, అదీ సాయంత్రం రద్దీ వేళకు. అతని ఇంటి తలుపు రాత్రి రెండు గంటలకు తట్టి నిద్రపోతున్న పిల్లల్ని లేపి లెక్కపెట్టినందువల్ల ఏ ప్రయాణికుడి పర్సూ దక్కదు.

అదే కాగితం మీద ఇంకో సంగతి కూడా చూడు. కాలనీ పేరు నిందితుల గడిలో ఎన్నిసార్లు వచ్చింది, ఫిర్యాదుదారుల గడిలో ఎన్నిసార్లు వచ్చింది? నేను చూసిన స్టేషన్లలో రెండోది దాదాపు ఖాళీ. అక్కడ దొంగతనాలు జరగవనా, ఆడపిల్లలను ఎవరూ వేధించరనా, పిల్లలు తప్పిపోరనా? స్టేషన్ మెట్లు ఎక్కితే తామే లోపల కూర్చోవలసి వస్తుందన్న భయం వల్ల వాళ్లు రారు. అందువల్ల మన రికార్డులో ఆ పిల్లలు ఎప్పుడూ నేరం చేసినవాళ్లుగానే కనిపిస్తారు, నేరానికి గురైనవాళ్లుగా కనిపించరు. ఆ రికార్డునే నమ్మి బలగాన్ని పంచితే వాళ్ల మీద నిఘాకు ఇద్దరు దొరుకుతారు, వాళ్ల రక్షణకు ఒక్కరూ దొరకరు. ఇద్దరిలో ఒకరిని బస్టాండుకు మార్చి, రెండో కానిస్టేబుల్‌ను పగటిపూట, షీట్ల కట్ట లేకుండా, వారానికి రెండుసార్లు కాలనీకి పంపు. వీలైతే మహిళా కానిస్టేబుల్‌ను పంపు. మొదటి నెల ఎవరూ మాట్లాడరు. రెండో నెలలో ఏదో ఒక తల్లి, బడికి పోతున్న కూతుర్ని ఎవరో వెంబడిస్తున్నారని చెబుతుంది. దాని మీద అదే రోజు ఎఫ్ఐఆర్ కట్టు. ఆలస్యం చేస్తే మూడో నెల మళ్లీ ఎవరూ మాట్లాడరు.

క్రైమ్ మీటింగ్‌లో నిన్ను నిలదీస్తారు. కాలనీలో ఏదైనా జరిగితే బాధ్యత నీదే అంటారు. మాటలతో వాదించకు, చోటూ వేళా రాసిన ఆ కాగితం ముందు పెట్టు. చనిపోయినవారి షీట్లు, ఊరు వదిలినవారి షీట్లు, ఏళ్ల తరబడి ఏ కేసూ లేనివారి షీట్లు మూయడానికి అనుమతి వస్తే రాత్రి తనిఖీల్లో నెలకు ఎన్ని గంటలు మిగులుతాయో లెక్కకట్టి చూపించు. న్యాయం అన్న మాటకు కదలని అధికారి కూడా, సిబ్బంది గంటలు మిగులుతాయంటే తలెత్తి చూస్తాడు.

నా దస్తూరీ ఉన్న ఆ షీట్ మూసివేతకు నేను ఆనాడే సిఫారసు రాశాను. తనిఖీ రిజిస్టర్‌లో సంతకం కూడా చేశాను. తర్వాత అది ఏమైందో కనుక్కోకుండానే బదిలీ మీద వెళ్లిపోయాను. అందుకే చెబుతున్నాను, నువ్వు పంపిన ప్రతి సిఫారసుకూ ఒక నకలు నీ దగ్గర ఉంచుకో. నెలకోసారి దాని మీద గుర్తుచేస్తూ ఇంకో ఉత్తరం రాయి. బదిలీ ఉత్తర్వు వచ్చిన రోజున, పెండింగులో ఉన్నవాటి జాబితాను ఛార్జి అప్పగింత కాగితాల్లోనే చేర్చి, నీ తర్వాత వచ్చే అధికారి చేత సంతకం పెట్టించుకో. కొత్త బీట్ల పట్టిక తయారయ్యాక నాకొక ప్రతి పంపు, చూస్తాను.

ఆశీస్సులతో,
మీ మావయ్య