ఎక్స్‌రేలో ఏమీ లేదన్నాక స్కానింగ్ దేనికి?

మీ మూడేళ్ల లాబ్రడార్ రెండు రోజులుగా తిన్నదంతా కక్కేస్తోందనీ, ఎక్స్‌రేలో ఏమీ కనబడలేదన్న డాక్టరుగారే మళ్లీ పొట్ట స్కానింగ్ (శబ్దతరంగాలతో తీసే అల్ట్రాసౌండ్) రాశారనీ, అది అనవసర ఖర్చేమోననీ అడిగారు. చేయించండి, వీలైతే ఈరోజే. మా బ్రూనోకి అచ్చం ఇలాగే అయింది కాబట్టి ఇంత గట్టిగా చెబుతున్నాను.

మామిడిపళ్ల రోజుల్లో వాడు టెంక మింగేశాడు. మింగడం ఇంట్లో ఎవరూ చూడలేదు. వాంతులు, తిండి ముట్టకపోవడం, ముందుకాళ్లు నేలకు చాచి నడుం పైకెత్తి అలాగే ఉండిపోవడం. ఎక్స్‌రే పక్కకి పడుకోబెట్టి ఒకటి, వెల్లకిలా ఒకటి తీశారు. టెంక ఎక్కడా లేదు!

ఎందుకంటే ఎక్స్‌రేలో ఎముక, రాయి, ఇనుము తెల్లగా తేలతాయి, గాలి నల్లగా పడుతుంది. పేగు, అందులోని నీళ్లు, గుడ్డపీలిక, టెంక లాంటివి చాలాసార్లు ఒకే బూడిదరంగులో కలిసిపోతాయి. అయినా ఆ ఫిల్ము వృథా కాలేదు. చిన్నపేగు కొంతమేర గాలితో బాగా ఉబ్బి, మిగతాది మామూలుగా ఉందని డాక్టరుగారు వేలుపెట్టి చూపించారు. ఎక్కడో అడ్డుపడిందన్న అనుమానం అక్కడే పుట్టింది. స్కానింగ్‌లో తెల్లటి వంపుగీత, దాని వెనకాల నల్లటి నీడ కనిపించాయి. ఆ సాయంత్రమే ఆపరేషన్ చేసి టెంక తీశారు. ఆలస్యమైతే పేగు గోడకి రక్తం అందక చిల్లుపడుతుంది, అప్పుడు ప్రాణం మీదికొస్తుంది.

స్కానింగ్‌కీ హద్దులున్నాయి. శబ్దతరంగాలు గాలినీ ఎముకనీ దాటి పోలేవు. అందుకే రెండూ అడుగుతారు, ఒకదానికి అందనిది రెండోదానికి అందుతుంది. మీది ఆడకుక్క అయి, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించకపోయి, ఈమధ్యే ఎదకొచ్చి ఉంటే ఆ మాట తప్పకుండా చెప్పండి. గర్భసంచిలో చీము పట్టినా వాంతులవుతాయి, నీళ్లు విపరీతంగా తాగుతాయి. అదీ స్కానింగ్‌లోనే బాగా తెలుస్తుంది.

మత్తు గురించి భయపడకండి. పొట్ట స్కానింగ్‌కి చాలా కుక్కలకి అక్కర్లేదు, మనం తల దగ్గర నిలబడి మాట్లాడుతుంటే చాలు. పొట్ట మీద బొచ్చు మాత్రం గీసేస్తారు, వెంట్రుకల మధ్య గాలి ఉంటే బొమ్మ రాదు. ఎక్స్‌రే గదిలో మిమ్మల్ని పట్టుకోమంటే సీసం ఏప్రన్ అడిగి వేసుకోండి. గర్భిణులు, పిల్లలు లోపలికి వెళ్లకూడదు.

ఖర్చు బరువైతే హైదరాబాద్ నారాయణగూడలోని ప్రభుత్వ పశువైద్యశాల ఉంది, రాజేంద్రనగర్, గన్నవరం, తిరుపతి వెటర్నరీ కాలేజీల ఆసుపత్రులూ ఉన్నాయి. స్కానింగ్ చేసే డాక్టరు ఏ వేళల్లో ఉంటారో ముందే ఫోన్ చేసి కనుక్కోండి. తీసిన ఎక్స్‌రేల అసలు ఫైళ్లు అడిగి తీసుకెళ్లండి, ఫోన్‌తో తీసిన ఫొటోలో సన్నటి తేడాలు పోతాయి.

స్కానింగ్‌కి ముందు సుమారు ఎనిమిది గంటలు తిండి పెట్టొద్దు. వాంతి చేయించాలని ఇంట్లో ఉప్పునీళ్లు పట్టొద్దు. తాగిన నీళ్లు కూడా కక్కేస్తున్నా, పొట్ట గట్టిపడినా, చిగుళ్లు పాలిపోయినా అపాయింట్‌మెంట్ దాకా ఆగకుండా అర్ధరాత్రైనా తీసుకెళ్లిపోండి.